కొత్త పువ్వు వూరికి వెళ్లేవారికి

“మా అబ్బాయి అడిస్ అబాబాలో ఒక కాలేజీలో పాఠాలు చెబుతున్నాడు. మమ్మల్నిద్దరినీ వచ్చి రెండు నెలలు వుండి పొమ్మంటున్నాడు. ఆఫ్రికా అంటేనే నాకు కాళ్లు వణుకుతున్నాయి. ఆయనకు చూస్తే చక్కెర వ్యాధి. మేము మాంసం ముట్టము. వెళ్లమంటారా, మానమంటారా?” అని తెనాలి నుంచి ఒక సోదరి వుత్తరం రాశారు.

వెళ్లండమ్మా, నిక్షేపంగా వెళ్లండి. ఆ వూళ్లో నేను రెండేళ్లపాటు వున్నాను గనుక ఈ మాట ధైర్యంగా చెబుతున్నాను. మన అధ్యాపకులు ఇథియోపియాలో పాఠాలు చెప్పడం కొత్త సంగతి కాదు. ఆ దేశపు విద్యార్థులు మన విశాఖపట్నం వచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో డాక్టరేట్లు పుచ్చుకుని వెళ్లడమూ కద్దు. అక్కడ మీరు భయపడవలసిన సంగతులు లేకపోలేదు. అయితే అవి సింహాలూ కావు, ఏనుగులూ కావు. ఒకటి టీకా కాగితం, రెండు వూరి ఎత్తు, మూడు గడియారం. ఈ మూడింటినీ జాగ్రత్తగా చూసుకుంటే తక్కినదంతా షికారే.

ముందు కాగితాల మాట. వీసాకు ఇంటర్నెట్‌లోనే దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఎన్నాళ్లకు కావాలో అబ్బాయితో ఆలోచించి పెట్టండి. దానికంటె ముఖ్యమైనది పచ్చజ్వరం టీకా. ఇథియోపియా వెళ్లి వచ్చేవారి దగ్గర ఆ టీకా వేయించుకున్నట్టు పసుపు రంగు చిన్న పుస్తకం లేకపోతే, తిరిగి మన దేశంలో దిగినప్పుడు 6 రోజుల దాకా విడిగా వుంచే నిబంధన వుంది. అంటే చిక్కు వెళ్లేటప్పుడు కాదు, వచ్చేటప్పుడు! ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే ఆ టీకా వేస్తారు. వేయించుకున్న 10 రోజుల తరువాతగాని ఆ కాగితం చెల్లదు. ఒకసారి చెల్లిందంటే జన్మంతా చెల్లుతుంది. కాబట్టి ప్రయాణానికి కనీసం నెల ముందే ఈ పని చూసుకోండి. 60 ఏళ్లు దాటినవారికి ఈ టీకా విషయంలో డాక్టర్లు ఆలోచించి మరీ నిర్ణయిస్తారు. మీవారి వయస్సు, జబ్బు, వాడే మందులు అన్నీ చెప్పి అడగండి.

ఇక ఎత్తు సంగతి. అడిస్ అబాబా సముద్రమట్టానికి సుమారు 2,350 మీటర్ల ఎత్తున వుంది. మన వూటీ కంటె ఎక్కువన్నమాట! ఆ ఎత్తు వల్ల లాభం ఏమంటే, వూరిలో మలేరియా భయం లేదు. నష్టం ఏమంటే, దిగిన రోజున రెండు మెట్లు ఎక్కేసరికి ఆయాసం వస్తుంది, తలనొప్పి రావచ్చు. మొదటి రెండు రోజులు ఏ షికార్లూ పెట్టుకోకండి. నీళ్లు బాగా తాగండి. గుండె జబ్బు, వుబ్బసం వున్నవారు డాక్టరును అడగకుండా బయలుదేరనే కూడదు. ఆఫ్రికా అంటే ఎండలని మనవాళ్లు వట్టి పల్చని నూలుబట్టలు సర్దుకుపోతారు. రాత్రిళ్లు అక్కడ స్వెట్టరు, దుప్పటి లేకుండా కన్ను మూతపడదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు. జూలై, ఆగస్టుల్లో అయితే గొడుగు లేనిదే గడప దాటలేరు. అక్టోబరు తరువాత వెళ్లడం మేలు.

సోదరీమణులకు మరో మాట. అంత ఎత్తున నీళ్లు 92 డిగ్రీలకే మరిగిపోతాయి. అందుచేత వట్టి గిన్నెలో కందిపప్పు గంటలకొద్దీ కూర్చున్నా మెత్తబడదు. అబ్బాయి వంటింట్లో ప్రెషరు కుక్కరు వుందో లేదో ముందే కనుక్కోండి. లేకపోతే మీ పెట్టెలో దానికే మొదటి చోటు.

ఇప్పుడు గడియారం. దీన్ని శ్రద్ధగా చదవండి. ఇథియోపియావారు గంటలను అర్ధరాత్రి నుంచి లెక్కపెట్టరు, పొద్దు పొడిచింది మొదలు లెక్కపెడతారు. మనకు వుదయం 7 గంటలైతే వారికి 1 గంట. మన మధ్యాహ్నం 12 వారికి 6. సాయంకాలం పొద్దు గూకగానే మళ్లీ మొదటికి. వింతగా తోస్తుంది గాని, మన పెద్దలు మాత్రం సూర్యోదయం నుంచే గదా గడియలు లెక్కపెట్టింది! పంచాంగం చూడడం వచ్చిన తాతగారికి ఇది ఒక్క నిమిషంలో బోధపడుతుంది. చేతి గడియారం అలవాటైన మనకే చిక్కు.

నాకు తెలిసిన ఒక పెద్దమనిషి, మనవైపువారే, కొడుకును చూడడానికి అక్కడికి వచ్చారు. ఆయనకూ చక్కెర వ్యాధే. రక్తపరీక్షకని వెళితే ఒక ఆసుపత్రిలో “రేపు 3 గంటలకు పరగడుపున రండి” అన్నారట. వారి 3 అంటే మన పొద్దున 9. ఈయన మధ్యాహ్నం 3 అనుకున్నారు. పొద్దుటి మందు మాత్రం అలవాటు ప్రకారం వేసుకుని, మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టకుండా కూర్చున్నారు. కొడుకూ కోడలూ వుద్యోగాలకు వెళ్లిపోయారు. మధ్యాహ్నం 1 అయ్యేసరికి ఒళ్లంతా చెమటలు, చేతులు వణుకు, మాట తడబాటు. పక్కవాటాలో వున్న ఇథియోపియా ఇల్లాలు ఎందుకో తలుపు తట్టి, ఆయన వాలకం చూసి, పంచదార ఎక్కువగా కలిపిన టీ గబగబా తాగించింది. ఆమె రాకపోయివుంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు జలదరిస్తుంది. ఇందులో తప్పు ఎవరిదీ కాదు. చెప్పినవారు తమ గడియారం ప్రకారం చెప్పారు, విన్నవారు తమ గడియారం ప్రకారం విన్నారు.

అందుచేత ఎవరు ఏ గంట చెప్పినా, “ఫెరెంజి గంటలా, హబెషా గంటలా?” అని అడగండి. ఫెరెంజి అంటే విదేశీయుడు, హబెషా అంటే తాము. అడిగితే ఎవరూ చిన్నబుచ్చుకోరు, నవ్వుతూ చెబుతారు. లెక్క తెలియకపోతే ఒక సులువు వుంది: గడియారంలో చిన్న ముల్లు ఏ అంకె మీద వుందో దానికి సరిగ్గా ఎదుటి అంకె చూడండి, అదే వారి గంట. విమానం టిక్కెట్ల మీద మాత్రం మనకు అలవాటైన గంటలే వుంటాయి. ఇంకొక సంగతి: మన దేశపు కాలం కంటె అక్కడిది రెండున్నర గంటలు వెనక. వేళ తప్పకుండా మందు వేసుకునేవారు ఈ తేడా కూడా డాక్టరుకు చెప్పాలి.

గంటలే కాదు, సంవత్సరమూ వేరే. వారికి 30 రోజుల నెలలు 12, చివర 5 రోజులదో 6 రోజులదో పదమూడో చిన్న నెల. మన 2025 సెప్టెంబరు 11న వారికి 2018 పుట్టింది! కాబట్టి ఏ రసీదు మీదనైనా తేదీ చూసి కంగారుపడకండి. మన వయస్సు ఏడెనిమిదేళ్లు తగ్గిందని సంతోషించండి.

తిండి మాటకు వద్దాం. శాకాహారులకు అడిస్ అబాబా అంత అనుకూలమైన వూరు నేను ఎక్కువ చూడలేదు. అక్కడి సనాతన క్రైస్తవులు ప్రతి బుధ, శుక్రవారాలు వుపవాసం పాటిస్తారు. ఈస్టరుకు ముందు 55 రోజులు, ఇవిగాక ఇంకా ఎన్నో. ఆ రోజుల్లో మాంసం, గుడ్డు, పాలు, వెన్న ముట్టరు. హోటలులో కూర్చుని “యెత్సోమ్ బెయాయ్‌నెతు” అనండి. అంటే వుపవాసపు పళ్లెం. పెద్ద పళ్లెం నిండా ఇంజెర పరిచి, దాని మీద ఎర్రపప్పు, శనగపిండి కూర, ఆకుకూర, క్యాబేజీ కుప్పలు కుప్పలుగా వడ్డించి తెస్తారు. ఇంజెర అంటే టెఫ్ అనే సన్నని గింజల పిండిని పులియబెట్టి పోసిన పెద్ద అట్టు. పులుపు కొంచెం ఎక్కువ, మెత్తన దూదిలాగా వుంటుంది. మొదటి రోజున మొహం చిట్లించినవారే వారం తిరిగేసరికి మరొకటి వేయమంటారు. కుడి చేత్తో తుంచి తినడమే మర్యాద. చెంచాల గొడవ లేదు. ఇంటికి పిలిచినవారు ఒక ముద్ద చుట్టి మీ నోటికి అందిస్తే వెనక్కి జరగకండి. దాన్ని గుర్ష అంటారు. మన అమ్మమ్మలు పెట్టే గోరుముద్దలాంటిదే, ప్రేమకు గుర్తు.

రెండు జాగ్రత్తలు మాత్రం వున్నాయి. కొందరు వుపవాసపు రోజుల్లో చేప తింటారు, కనుక అడిగి తెలుసుకోవాలి. శనగపిండి కూరను షిరో అంటారు. “బొజెన షిరో” అంటే అందులో మాంసం ముక్కలు వుంటాయి. “సిగ యెల్లెం?” అంటే “మాంసం లేదు గదా?” అని. ఈ రెండు మాటలూ కంఠస్థం చేయండి. మంచినీళ్లు సీసాల్లోవే తాగండి.

ఎవరింటికైనా కాఫీకి వెళ్లేటప్పుడు చేతిలో గంటన్నర వుంచుకుని వెళ్లండి. పచ్చిగింజలు మీ ముందే వేయించి, దంచి, మట్టి కూజాలో కాచి, సాంబ్రాణి పొగ మధ్య చిన్న చిన్న గిన్నెల్లో పోస్తారు. ఒకటి తాగి లేవకూడదు. అబోల్, తోన, బరక అని మూడు విడతలు. మూడోది దీవెన అన్నమాట. మీవారికి చక్కెర వేయవద్దని ముందే చెప్పండి.

వూళ్లో తిరగడానికి నీలం తెలుపు రంగుల చిన్న బస్సులు వున్నాయి. కుర్రవాడు తలుపు దగ్గర నిలబడి వూరిపేర్లు కేకలేస్తూ వుంటాడు. 2015లో వేసిన పట్టణపు రైలూ వుంది. భాష రానివారికి, పెద్దవారికి ఫోనులో పిలిపించుకునే టాక్సీ మేలు, బేరం గొడవ వుండదు. వీధి పేరు చెబితే ఎవరికీ తెలియదు. ఫలానా చర్చి వెనక, ఫలానా బ్యాంకు ఎదుట అని చెప్పాలి. అది మనకు కొత్తా? పాత పటాలు మాత్రం నమ్మకండి. 2024లో పియాజా అనే పాత పేటలో ఎన్నో ఇళ్లు తీసేసి రోడ్లు వెడల్పు చేశారు.

డబ్బు బ్యాంకులోనే మార్చుకుని రసీదు దాచుకోండి. వీధిలో ఎక్కువ ఇస్తామనేవారి జోలికి పోవద్దు; అది చట్టవిరుద్ధం. 2024 జూలైలో బిర్ర్ మారకాన్ని సడలించాక విలువ చాలా మారిపోయింది, కనుక అంతకుముందటి పుస్తకాల్లోని ధరలు పనికిరావు. మెర్కాటో అనే మహా సంతకు తెలిసినవారిని వెంటబెట్టుకుని, నగలు ఇంట్లో పెట్టి వెళ్లండి. ఎవరైనా మీ మీద ఏదో ఒలికించి తుడవబోతే, ముందు మీ సంచి గట్టిగా పట్టుకోండి. సైనికులకూ, ప్రభుత్వ భవనాలకూ ఫొటోలు తీయవద్దు. రాజధాని దాటి దూరాలు వెళ్లదలిస్తే మన రాయబార కార్యాలయంవారి సూచన చూడకుండా కదలకండి. కొన్ని ప్రాంతాల్లో ఇటీవలి సంవత్సరాల్లో పోరాటాలు జరిగాయి.

చూడవలసినవి రెండు చెబుతాను. జాతీయ మ్యూజియంలో “లూసీ” వుంది. 1974లో హదార్ అనేచోట దొరికిన 32 లక్షల ఏళ్లనాటి ఎముకలు. చూపించేది నమూనా, అసలువి భద్రంగా దాచారు. ఆమెను అక్కడివారు దిన్‌కినెష్ అంటారు, “నువ్వు అద్భుతం” అని అర్థం. రెండోది ఎంతోతో కొండ. వూరంతా కాళ్లకింద కనిపిస్తుంది. అది 3,000 మీటర్లు దాటిన చోటు, అందుచేత రెండో వారంలో పెట్టుకోండి. 1886లో మెనెలిక్ చక్రవర్తీ, ఆయన రాణి తాయితూ ఆ కొండ దిగువన వూరు కట్టినప్పుడు పెట్టిన పేరే అడిస్ అబాబా. అంటే కొత్త పువ్వు.

అమ్హారిక్ అక్షరాలు చూసి బెదరకండి. 33 మూలాక్షరాలు, ఒక్కొక్కటి 7 రూపాలు. మన గుణింతం లాంటిదే. మాటలు నాలుగైతే చాలు: సలాం అంటే నమస్కారం, వుహ అంటే నీళ్లు, బున్న అంటే కాఫీ, అమెసెగినాలెహు అంటే కృతజ్ఞతలు. ఆఖరుది నోరు తిరగదు. తిరగకపోయినా ప్రయత్నించండి, విన్నవారి మొహం విప్పారుతుంది.

అమ్మా, మీవారి మందులు చేతిసంచిలోనే పెట్టండి, డాక్టరు చీటీ జతచేసి. పంచదార బిళ్లలు ఆయన జేబులో వుంచండి. ఆవకాయ సీసాలు రెండు మూతలు బిగించి పెద్ద పెట్టెలో సర్దండి. ఒకటి మీకు, రెండోది అబ్బాయి పక్కింటివారికి. కారం వారికి కొత్త కాదు. మీరు దిగిన రోజే తలుపు తట్టి ఇచ్చి రండి. వూరుగాని వూళ్లో పక్కవాటా తలుపు తెలిసివుండడం కంటె పెద్ద ధైర్యం ఇంకొకటి లేదు.