పక్క చక్రాల బండికి లెక్క ఎవరు వేశారు?

సంక్రాంతి సెలవుల్లో ఇంటికెళ్తే బాబాయ్ అన్నాడు: "ఒరేయ్, బండి ఈమధ్య ఎడమ పక్కకి లాగుతోంది. ఓసారి చూడరా, మెకానికల్ ఇంజనీరువి కదా!" నేను టైర్లలో గాలి చూశాను, హ్యాండిల్ అటూ ఇటూ తిప్పాను, "బానే ఉంది బాబాయ్" అనేశాను. నేను హాస్టల్‌కి వచ్చిన వారానికి ఆయన ఒక ఫొటో పంపాడు. పక్క చక్రాల చట్రాన్ని స్కూటర్ ఛాసిస్‌కి అతికించిన వెల్డింగ్ పక్కనే, పెయింట్ మీద వెంట్రుకంత గీత. గీత పొడవునా తుప్పు. బండి కడుగుతుంటే ఆయనకే కనిపించిందట.

బాబాయ్‌కి చిన్నప్పుడు పోలియో వచ్చింది. పదేళ్లుగా ఆ సైడ్ వీల్స్ స్కూటర్ మీదే కాలవ గట్టు రోడ్డులో రానూపోనూ 24 కిలోమీటర్లు తిరిగి ఉద్యోగం చేస్తున్నాడు. ఆ గీత పూర్తిగా తెగేది ఏ లారీ పక్కనో అయితే? ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మెషిన్ డిజైన్ పరీక్షలో ఫెటీగ్ లెక్క తప్పు లేకుండా చేసిన నేను, అదే బండి వెనక సీట్లో ఎన్నిసార్లు కూర్చున్నానో!

అసలు ఆ గీత ఎందుకొచ్చింది? టూ వీలర్ మలుపులో వంగుతుంది. అలా వంగడం వల్ల మన బరువు, మలుపు వల్ల వచ్చే బలం రెండూ కలిసి బండి తలంలోనే కిందికి దిగుతాయి. ఫ్రేమ్‌కి బరువు కాస్త పెరిగినట్టు ఉంటుంది, అంతే. ఫ్రేమ్‌ని డిజైన్ చేసింది కూడా దానికే. పక్క చక్రాలు పెట్టాక బండి వంగలేదు. మనిషితో కలిపి 200 కేజీల బండి 20 కిలోమీటర్ల వేగంతో 10 మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపు తిరిగిందనుకోండి. 617 న్యూటన్లు, అంటే దాదాపు 63 కేజీల బరువంత బలం అడ్డంగా పడుతుంది. అది ఫ్రేమ్‌ని పక్కకి వంచుతుంది. ఒక పక్క చక్రం గుంతలో పడితే మెలి కూడా తిప్పుతుంది.

అమెరికాలో గోల్డ్‌వింగ్ లాంటి పెద్ద టూరింగ్ బైకులకి వెనక చక్రం తీసేసి, యాక్సిల్ వేసి, రెండు చక్రాలతో ట్రైక్‌గా మారుస్తారు. వాటికీ ఇదే ఫిజిక్స్. వంగని బండికి హ్యాండిల్ బరువెక్కుతుందని ముందు ఫోర్క్ కోణం మార్చే కిట్లు కూడా అక్కడ అమ్ముతారు. అక్కడ లక్షలు పోసి చేయించుకునే సరదా, ఇక్కడ బాబాయ్ లాంటివాళ్లకి బతుకుతెరువు.

"పదేళ్లు బానే ఉంది కదా, ఇప్పుడేమైంది?" అంటారు మనవాళ్లు. ఇనుము ఒక్క దెబ్బకే విరగాలని రూలేం లేదు. 1842లో పారిస్ దగ్గర వెర్సాయ్ రైలు ప్రమాదానికి కారణం ఇంజన్ యాక్సిల్ విరగడమే. ఆ తర్వాతి దశాబ్దాల్లో జర్మనీలో ఆగస్ట్ వోలర్ రైలు యాక్సిళ్లని పదేపదే వంచి చూసి, తట్టుకోగల బలం కంటే చాలా తక్కువ బలానికే లోహం అలసి విరుగుతుందని చూపించాడు. మన ఎస్-ఎన్ కర్వ్ అక్కడి నుంచి వచ్చిందే. ఇప్పుడు బాబాయ్ లెక్క చూడండి. 60 మీటర్లకో గతుకు అనుకున్నా రోజుకి 400, ఏడాదికి 300 రోజులకి 1,20,000 కుదుపులు. పదేళ్లకి 12 లక్షలు!

ఇందులో వెల్డింగ్ షాపు అన్నని తిట్టడం నాకిష్టం లేదు. ఆ బండి గురించి ఆలోచించిన ఒకే ఒక్క మనిషి ఆయన. కానీ పగులు మీదే మళ్లీ వెల్డింగ్ పోస్తే లోపల పగులు అలాగే ఉంటుంది. ముందు దాన్ని గ్రైండ్ చేసి పూర్తిగా తీసేయాలి. పైన మందపాటి ప్లేట్ వేస్తే, ఆ ప్లేట్ ఆగిపోయిన చోట కొత్త పగులు మొదలవ్వొచ్చు. ఇంకా గట్టి స్టీల్ వాడినా పెద్దగా లాభం లేదు, ఎందుకంటే వెల్డింగ్ అంచు దగ్గర ఫెటీగ్ బలం స్టీల్ గ్రేడ్‌తో పెద్దగా పెరగదు. ఇవన్నీ మన సిలబస్‌లో ఉన్నవే. షాపు దాకా వెళ్లలేదు, అంతే.

చట్టం మాత్రం ఒక అడుగు వేసింది. 1988 మోటారు వాహనాల చట్టంలో మొదట 'ఇన్‌వాలిడ్ క్యారేజ్' అనే మాట ఉండేది. ప్రత్యేకంగా తయారుచేసిన బండే ఆ లెక్కలోకి వచ్చేది, మామూలు బండిని మార్చుకుంటే కుదిరేది కాదు. 2019 సవరణలో 'అడాప్టెడ్ వెహికల్' అని మార్చి, సెక్షన్ 52 కింద మార్పులు చేసిన బండ్లకీ చోటిచ్చారు. మంచిదే. కానీ కాగితం మీద చోటు దొరికితే ఫ్రేమ్‌కి బలం రాదు కదా.

"మీరు చెకింగ్ అంటూ మొదలుపెడితే రేపు బండ్లే ఆపేస్తారు, నేను ఇంట్లో కూర్చోవాలి" అన్నాడు బాబాయ్. ఆ భయం నిజమే. అందుకే నేను అడిగేది నిషేధం కాదు, మన సాయం. సెమిస్టర్‌కో శనివారం మన వర్క్‌షాప్ తలుపులు ఈ బండ్లకి తెరుద్దాం. వైర్ బ్రష్, టార్చ్‌లైట్, డై పెనెట్రెంట్ చాలు. ఎర్ర రంగు పూసి, తుడిచి, తెల్ల డెవలపర్ కొడితే పగులు తనే బయటపడుతుంది. ఏ బండికి ఎక్కడ పగిలిందో రాసుకుందాం. పది ఇరవై బండ్లు చూశాక ఒక మంచి బ్రాకెట్ డ్రాయింగ్ గీసి, తెలుగులో వివరం రాసి వెల్డింగ్ షాపులకి ఇద్దాం. ఎవరూ అడగని లైన్ ఫాలోయర్ రోబోని ఏటేటా మళ్లీ చేసే బదులు, మినీ ప్రాజెక్ట్‌కి ఇది తక్కువేం కాదు.

బాబాయ్ బండికి పగులు గ్రైండ్ చేయించి, బ్రాకెట్ కొత్తగా కట్టించాం. మళ్లీ రోడ్డెక్కాడు. నేను మాత్రం ప్రతి ఆదివారం ఫోన్ చేసి ఆ వెల్డింగ్ ఫొటో అడుగుతున్నాను. ఇలాంటి బండి మీ ఇంట్లో, మీ వీధిలో ఉంటే ముందు కిందికి వంగి ఒకసారి చూడండి. శనివారం పనికి వచ్చేవాళ్లు క్లబ్ గ్రూపులో పేరు ఇవ్వండి.