పాత కట్టకు కొత్త కూర్పు



మా ఇంట్లో ఒకప్పుడు పేకముక్క అన్న మాటే నిషిద్ధం. పేకాటలో పొలాలు పోగొట్టుకున్న వారిని చూసి పెరిగినవాణ్ణి. మా అబ్బాయి చిన్నతనంలో జేబులో ఒక్క ముక్క కనబడినందుకు రెండు రోజులు మాట్లాడలేదు. అటువంటి నేను, భాషాప్రవీణ పట్టా పుచ్చుకుని ముప్పై మూడేళ్లు తెలుగు పండితునిగా పనిచేసిన నేను, 2025 వేసవిలో న్యూజెర్సీలో ఆ అబ్బాయి ఇంటనే కూర్చుని, అరవై ముక్కల కట్ట ఒకదానిని గురించి పది రోజులు వాదించాను. ఆ వాదం చివర నాకు ఏర్పడిన అభిప్రాయమే ఈ టపా.

ముందుగా ఆట సంగతి. దీని పేరు మేజిక్: ది గ్యాదరింగ్. గణితంలో డాక్టరేటు పొందిన రిచర్డ్ గార్ఫీల్డ్ అనే అమెరికన్ రూపొందించగా 1993లో విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ అనే సంస్థ ప్రచురించింది. మన పేకలాగా అందరికీ ఒకే కట్ట ఉండదు. వేలాది ముక్కల నుండి ఎవరి కట్టను వారే కూర్చుకోవాలి. కనీసం అరవై ముక్కలుండాలి. ప్రాథమికమైన నేలముక్కలు తప్ప ఏ ముక్కా నాలుగుకు మించరాదు. నేలముక్కలు శక్తినిస్తాయి, ఆ శక్తితో తక్కిన ముక్కలను ప్రయోగించాలి. ఎదుటివాని ఇరవై ప్రాణాలను హరిస్తే గెలుపు. పందెం లేదు. ఇది తెలిసిన తరువాతనే నా మనసు కుదుటపడింది.

మా అబ్బాయి కట్ట 2015 నాటిది. మోడర్న్ అనే పోటీ విభాగంలో ఆడినది. 2011లో మొదలైన ఆ విభాగంలో 2003 నాటి ఎనిమిదవ సంచిక మొదలుకొని వచ్చిన ముక్కలు చెల్లుతాయి. ఆ కట్టకు ఆయువుపట్టు స్ప్లింటర్ ట్విన్ అనే ముక్క. డిసీవర్ ఎగ్జార్క్ అనే ప్రాణికి దానిని తగిలిస్తే, ఆ ప్రాణి తనవంటి మరొక ప్రాణిని పుట్టిస్తుంది. పుట్టినది వస్తూనే మొదటిదానిని మళ్లీ పనికి సిద్ధం చేస్తుంది. అది ఇంకొకదానిని పుట్టిస్తుంది. రక్తబీజుని కథ జ్ఞాపకం తెచ్చుకోండి. ఎన్ని కావాలంటే అన్ని ప్రాణులు ఒక్క వంతులోనే ఎదుటివానిపై పడతాయి. 2016 జనవరిలో ఈ ముక్కను మోడర్న్ నుండి నిషేధించారు. మా అబ్బాయి కట్టను అట్టపెట్టెలో పెట్టి అటక మీదికి చేర్చాడు. 2024 డిసెంబరులో నిషేధం తొలగింది. అప్పటికి మా మనుమడికి పన్నెండేళ్లు. పెట్టె కిందికి దిగింది.

తండ్రి అన్నాడు: "ఇది నిషేధించవలసి వచ్చినంత గొప్ప కట్ట. ఒక్క ముక్క మార్చనక్కరలేదు." కొడుకు అన్నాడు: "నాన్నా, ఇప్పుడు ఆటలో వేరే ముక్కలున్నాయి." నేను అబ్బాయి పక్షం వహించాను. మూలగ్రంథాన్ని ముట్టుకోరాదన్నది నా జీవితకాలపు అలవాటు.

ఆ శుక్రవారం రాత్రి ఊళ్లో జరిగిన చిన్న పోటీకి పిల్లవాడు ఆ కట్టతోనే వెళ్లాడు. మూడు ఆటలూ ఓడిపోయాడు. తిరుగు ప్రయాణంలో కారులో చాలాసేపు మాట్లాడలేదు. తరువాత నా వైపు తిరిగి, "తాతయ్యా, నాన్న కట్ట చెడ్డదా?" అని అడిగాడు. ముందు సీటులో తండ్రి వింటున్నాడు. తరగతిలో ఎన్నో ప్రశ్నలకు జవాబు చెప్పాను గాని, ఆ ప్రశ్నకు నాకు వెంటనే మాట రాలేదు.

మరునాటి నుండి ముగ్గురం ఒక్కొక్క ముక్కనూ తీసి, "నీవు ఆనాడు చేసిన పని ఏమిటి? ఈనాడు ఆ పని చేయగలవా?" అని అడగడం మొదలుపెట్టాం. డిసీవర్ ఎగ్జార్క్‌నే తీసుకోండి. దానిని ఎంచుకోవడానికి ఒక కారణం దాని ఓర్పు నాలుగు కావడం. ఆనాడు ప్రాణులను చంపడానికి విరివిగా వాడిన లైట్నింగ్ బోల్ట్ చేసే గాయం మూడు. ఆ ఒక్క అంకె తేడాయే దానికి కవచం. అయితే 2021లో సాలిట్యూడ్ అనే ముక్క వచ్చింది. చేతిలోని మరొక తెల్ల ముక్కను వదులుకుంటే చాలు, శక్తి ఖర్చు లేకుండానే అది ఎదుటి ప్రాణిని ఆటలోనుండి తొలగిస్తుంది. గాయమే లేనప్పుడు ఓర్పు నాలుగైతేనేమి, నలభై అయితేనేమి? ఎగ్జార్క్‌కు తోడుగా ఉండే పెస్టర్‌మైట్ ఓర్పు ఒకటి. 2023లో వచ్చిన ఆర్కిష్ బౌమాస్టర్స్ అడుగు పెడుతూనే ఒక గాయం చేస్తుంది. పెస్టర్‌మైట్‌కు అదే చాలు. ముక్కల బలం తగ్గలేదు. వాటి శత్రువులు మారారు. ఈ మాటే మనుమడికి చెప్పాను. అది వాళ్ల నాన్న కూడా విన్నాడు.

రెండవ సంగతి, వాక్యాన్ని చదవడం. ఇది నా విద్య కనుక కొంచెం గర్వంగానే చెబుతాను. పాత కట్టలో సీరమ్ విజన్స్ అనే ముక్క ఉంది. దానితో ముందు ఒక ముక్కను తీసి, తరువాత పైనున్న రెండింటిని చూడాలి. ప్రీఆర్డెయిన్ అనే ముక్కతో ముందు రెండింటిని చూసి, తరువాత ఒకటి తీయాలి. రెండింటిలోనూ క్రియలు అవే. క్త్వార్థకం ఒక్కటే మారింది: ఒకటి తీసి చూడడం, మరొకటి చూసి తీయడం. కావలసినదానిని ఏరి తీసుకునే వీలు రెండవదానికే ఉంది. 2011లో నిషేధించిన ప్రీఆర్డెయిన్‌ను 2023 ఆగస్టులో మళ్లీ అనుమతించారు. అందుచేత ఆ మార్పుకు వాదమే అవసరం లేకపోయింది.

నా గర్వానికి శిక్ష కూడా ఇక్కడే పడింది. ఫోర్స్ ఆఫ్ నెగేషన్ అనే ముక్కను శక్తి ఖర్చు లేకుండా వాడవచ్చునని చదివి, సాలిట్యూడ్‌కు ఇదే విరుగుడని నేను పట్టుబట్టాను. మా అబ్బాయి నా మాట మీద రెండు కొన్నాడు. అవి చౌక కాదు. మనుమడు చదివి నవ్వాడు. ఖర్చు లేకుండా వాడడం "నీ వంతు కాకపోతే"నే చెల్లుతుంది. పైగా అది ప్రాణులు కాని ముక్కలనే అడ్డుకుంటుంది. సాలిట్యూడ్ ప్రాణి. చేదర్థకాన్ని వదిలేసి వాక్యానికి అర్థం చెప్పిన విద్యార్థులను ఎందరినో బల్ల ఎక్కించినవాణ్ణి. ఆ రోజు నేనే బల్ల ఎక్కవలసింది.

మూడవది, ఏది నిలిచిందన్నది. ముక్కలు ఒక్కొక్కటే బయటికి పోతుంటే మా అబ్బాయి ముఖం చిన్నబోయింది. చివరికి లెక్క చూస్తే స్కాల్డింగ్ టార్న్, స్టీమ్ వెంట్స్ వంటి నేలముక్కలు ఇంచుమించు అన్నీ మిగిలాయి. కట్టలో ఎవరూ మెచ్చుకోని ముక్కలవి. ఎడ్లబండిలో పోయినవారు బస్సులోను, రైలులోను పోయారు. బండ్లు మారాయి గాని "లో" మారలేదు. భాషలో ప్రత్యయాల వంటివే ఈ నేలలు.

ఇంతవరకు చెప్పినది ముక్కల మార్పు. అసలు చిక్కు వేరు. ఆ పాత కట్ట బలం రక్తబీజ ప్రయోగంలోనే లేదు, దాని భయంలో ఉంది. మూడవ వంతు దాటినది మొదలు ఎదుటివాడు ఎప్పుడు మీద పడతారోనని శక్తిని దాచుకుని, తన ఆట తాను ఆడలేకపోయేవాడు. ఆ సందులో చిన్న చిన్న దెబ్బలతోనే ఆట ముగిసేది. ఖర్చు లేని సాలిట్యూడ్ చేతిలో ఉన్నవాడు ఏమీ దాచుకోనక్కరలేదు, భయపడనూ అక్కరలేదు. మనమే భయపడి, ట్విన్‌కు నాలుగు నేలలు, దానిని కాపాడే కౌంటర్‌స్పెల్‌కు రెండు నేలలు కూడేదాకా ఆగాలి. నాలుగవ వంతు ఎత్తు ఆరవ వంతుకు జరిగింది. అప్పుడు అది అదే కట్టా?

నా అభిప్రాయం ఇది. పాత కట్టను పోటీకి సిద్ధం చేసేటప్పుడు రెండు కోరికలను కలపరాదు. జ్ఞాపకాన్ని కాపాడుకోవడం ఒకటి, గెలవడం మరొకటి. రెండూ న్యాయమైనవే. కాని సగం జ్ఞాపకం కోసం, సగం గెలుపు కోసం కూర్చిన కట్ట రెండింటికీ చెడుతుంది. పోటీకి పోదలచుకుంటే ప్రతి ముక్కా ఈనాటి పని చెప్పి తన స్థానం సంపాదించుకోవాలి. ప్రేమ ఆధారం కారాదు. అలాగని ఎవరో గెలిచిన కట్టను అరవై ముక్కలూ మక్కికి మక్కిగా దింపుకోవడమూ మందు కాదు. ఏ ముక్క ఎందుకుందో తెలియనివాడు, కాలం మళ్లీ మారినప్పుడు దేనిని తీయాలో ఎలా తెలుసుకుంటాడు? గైడు చూసి జవాబు రాసినవాడికి ప్రశ్న తిప్పి అడిగితే ఏం జరుగుతుందో ఉపాధ్యాయులకు చెప్పనక్కరలేదు.

ఈ మాట అనే అర్హత నాకు ఆలస్యంగా వచ్చింది. పాఠ్యపుస్తకాలు మారినా, పిల్లలు మారినా, నేను ఒకే నోట్సు ఏళ్ల తరబడి చెప్పాను. అట్టలు ఊడితే కొత్త అట్టలు వేశానే గాని లోపలి పుటలను ఈనాటి పని అడగలేదు. వెనక బెంచీలో నిద్రపోయిన పిల్లలు చెడ్డవారు కారు. ఆ నోట్సు కూడా చెడ్డది కాదు. అది వేరే పిల్లల కోసం రాసినది.

చివరికి ఇలా చేశాం. 2015 నాటి కట్ట జాబితాను, అరవై ముక్కలనూ, తెలుగు లిపిలో ఒక నోటుపుస్తకంలో నేనే రాశాను. తీసేసిన ముక్కలు ఒక కవరులో అదే పెట్టెలో ఉన్నాయి. ఆదివారం నాడు వాటిని తిరిగి చేర్చి తండ్రీ కొడుకులు పాత కట్టతో ఇంట్లో ఆడతారు. శుక్రవారానికి కొత్త కూర్పు. మరుసటి పోటీలో పిల్లవాడు మూడింట ఒకటి గెలిచాడు, రెండు ఓడాడు. కారెక్కుతూనే ఆ రెండు ఎందుకు ఓడాడో వాళ్ల నాన్నకు చెప్పడం మొదలుపెట్టాడు. ఇల్లు చేరేదాకా ఆపలేదు.

మీ అటకల మీద ఉన్న పెట్టెల సంగతి కూడా తెలుపగలరు.

స్వస్తి.