మన మ్యాచి మన గ్రౌండులోనే జరగాలి



వారం పది రోజులుగా హాస్టల్లో ఒకటే మాట నడుస్తోంది. అన్నం లైన్లో అదే, కుళాయిల కాడ అదే, రాత్రి స్టడీలో లెక్కల పుస్తకం నిలబెట్టి దాని వెనకాల గుసగుసలాడేదీ అదే. మన ఫుట్‌బాలు జట్టు సెమీఫైనలుకు వచ్చింది. చీటీల్లో మన పేరు ముందు తగిలింది కాబట్టి మ్యాచి పెట్టుకునే వంతు మనదే. సంక్రాంతి సెలవులై వచ్చినాక ఆట. అయితే మన గ్రౌండు చాలదనీ, నెల్లూరు టౌనుకు తీసుకుపోయి ఆడించి, జట్టులో ఉన్న పదహారు మందిని మాత్రం పంపిస్తే ఏ తలనొప్పీ ఉండదనీ కొందరు పెద్దవాళ్ళు అనుకుంటున్నట్టు తెలిసింది. ఇంకా ఖాయం కాలేదంట. ఖాయమైపోయినాక రాసి లాభం లేదు గనుక ఇప్పుడే రాస్తున్నాను. ఆ మ్యాచి ఇక్కడే, తోటపల్లి గూడూరులోనే జరగాలని నా అభిప్రాయం.

నేను జట్టులో లేను. కాబట్టి ఇది ఆడేవాడి మాట కాదు, గట్టు మీద నిలబడి గొంతు పోయేదాకా అరిచేవాడి మాట అనుకొని చదవండి. జట్టుకు పదహారు మందైతే, మనం మూడు వందల మందికి పైనే ఉన్నాము.

పెద్ద లీగుల్లో ఈ సంగతి ఎట్లా ఉంటుందో చూడండి. నేను చెప్పేవన్నీ పి.ఇ.టి. సారు చెప్పగా విన్నవి, లైబ్రరీలో పాత పేపర్లు తిరగేసి చదివినవి. ఇండియన్ సూపర్ లీగులో 2024-25 సీజను దాకా ప్రతి జట్టూ ఎదుటి జట్టుతో ఒకసారి తన ఊళ్ళో, ఒకసారి వాళ్ళ ఊళ్ళో ఆడేది. సెమీఫైనలు కూడా అప్పుడు అంతే ఉండేది, ఇంట్లో ఒకటి, బయట ఒకటి. హైదరాబాదు ఎఫ్.సి. అనే జట్టు 2019లో పుట్టింది. పుణె జట్టు మూతపడితే దాని స్థానంలో వచ్చింది. 2022లో ఏకంగా కప్పు గెలిచింది. కానీ కరోనా వల్ల ఆ సీజనూ, దానికి ముందు సీజనూ లీగు మొత్తం గోవాలోనే నడిపారు. అంటే తమ జట్టు కప్పు గెలిచిన సీజనులో హైదరాబాదు జనం ఒక్క మ్యాచి కూడా తమ ఊళ్ళో చూడలేదన్న మాట. ఫైనలు మార్చి 20న ఫతోర్డా స్టేడియములో, కేరళ బ్లాస్టర్సు మీద జరిగింది. రెండు జట్లదీ పసుపు రంగే. ఆ రోజు పసుపు చొక్కాలు హైదరాబాదు వేసుకుంటే, కేరళ వాళ్ళు నల్లవి వేసుకోవాల్సి వచ్చింది. కానీ స్టాండ్ల నిండా కూర్చున్న పసుపంతా కేరళ వాళ్ళదే! ఆట 1-1తో ఆగిపోయి పెనాల్టీలకు పోయింది. గోలుకీపరు లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపేశాడు. 3-1తో హైదరాబాదు గెలిచింది. గెలిచినవాళ్ళు చెయ్యి ఊపుదామంటే తమవాళ్ళు ఏ మూల ఉన్నారో వెతుక్కోవాల్సిన గెలుపు అది.

తర్వాతి సీజనులో మ్యాచిలు మళ్ళీ ఎవరి ఊళ్ళకు వాళ్ళకు వచ్చాయి. హైదరాబాదు పట్టికలో రెండో స్థానంలో నిలిచి నేరుగా సెమీఫైనలుకు పోయింది. మొదటి మ్యాచి 2023 మార్చి 9, గురువారం, గచ్చిబౌలి బాలయోగి స్టేడియములో. ఎదుట కలకత్తా నుంచి వచ్చిన మోహన్ బగాన్. ఆ రోజు కోసం హైదరాబాదు అభిమానులు ఎంత ఎదురు చూసి ఉంటారో మనకు చెప్పనక్కరలేదు, మనం ఇప్పుడు చూస్తున్నాం గదా. డెక్కన్ లీజియన్ అని అక్కడి అభిమానులు ఒక దండు కట్టుకున్నారు. వాళ్ళకు సొంత ఊళ్ళో సెమీఫైనలు అదే మొదలు.

ఏమైంది? 0-0. నాలుగు రోజుల తర్వాత కలకత్తాలో అదనపు సమయం కూడా ఆడారు, అదీ 0-0. మొత్తం 210 నిమిషాల్లో ఒక్క గోలు లేదు. చివరికి పెనాల్టీల్లో మోహన్ బగాన్ 4-3తో గెలిచి, ఫైనలు కూడా గెలుచుకుంది. ఇది చెప్తే మన తొమ్మిదో తరగతి వాడొకడు, "అయితే ఇంటి గ్రౌండు వల్ల వాళ్ళకు వచ్చిందేంది?" అన్నాడు. గోలు రాలేదు నిజమే. కానీ ఆ తర్వాతి కథ కూడా చెప్పాలి. మరుసటి సీజనులో ఆ జట్టుకు డబ్బు కష్టాలొచ్చాయి. జీతాలు అందక ఆటగాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. సీజను మొత్తానికి ఒక్కటంటే ఒక్క మ్యాచి గెలిచి పట్టికలో అట్టడుగున నిలిచింది. 2025లో జట్టు ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది. కాబట్టి ఆ మార్చి 9 నాటి సెమీఫైనలే ఆ జట్టు హైదరాబాదులో ఆడిన మొదటి సెమీఫైనలు, చివరిదీ అదే. ఆ రోజు గచ్చిబౌలికి పోయినవాళ్ళు, గోలు లేకపోయినా, పోయి మంచి పని చేశారనే నేనంటాను. వచ్చే ఏడాది చూద్దాంలే అనుకొని ఇంట్లో కూర్చున్నవాళ్ళకు ఆ వచ్చే ఏడాది రాలేదు.

మన సంగతీ అంతే గదా. పదో తరగతి వాళ్ళం మార్చి పరీక్షలు రాసి తలొక దిక్కు పోతాము. జట్టులో ఏడుగురు పదో తరగతి వాళ్ళే. మళ్ళీ సెమీఫైనలు ఎప్పుడొస్తుందో, వచ్చినా చీటీల్లో మన పేరు ముందు తగులుతుందో లేదో ఎవరికి తెలుసు?

ఇంటి గ్రౌండు లేకుండా గెలిచినవాళ్ళు లేరా అంటే, ఉన్నారు. మనకు హైదరాబాదు కంటే మద్రాసే దగ్గర గనుక ఆ జట్టు సంగతి చెప్తాను. 2015లో చెన్నయిన్ జట్టు సెమీఫైనలుకు వచ్చింది. సరిగ్గా అప్పుడే మద్రాసు వరదల్లో మునిగింది. ఆ వానలు మన జిల్లానూ వదల్లేదు. నవంబరులో హైవే మీద నీళ్ళు పారి లారీలు బస్సులు ఎక్కడివక్కడ ఆగిపోయాయని ఇంట్లో పెద్దవాళ్ళు ఇప్పటికీ చెప్తారు. మద్రాసులో ఆడే వీలు లేక వాళ్ళ ఇంటి మ్యాచిని డిసెంబరు 12న పుణెలో పెట్టారు. పేరుకు ఇల్లు, ఊరు మాత్రం పరాయిది. అయినా కలకత్తా జట్టు మీద 3-0తో గెలిచి, ఫైనల్లో గోవాను గోవాలోనే 3-2తో ఓడించారు. శభాష్ అనాల్సిందే. కానీ ఒకటి గమనించండి. వాళ్ళు మ్యాచిని తీసుకుపోయింది వరదొచ్చి. మనకు ఇప్పుడు ఏ వరదా లేదు. సంక్రాంతి దాటితే మన గ్రౌండు ఎండి గట్టిపడి ఉంటుంది.

ఇంకా పెద్ద ఉదాహరణ రహీమ్ సాబుది. సయ్యద్ అబ్దుల్ రహీమ్ హైదరాబాదులో బడిపంతులుగా పనిచేసిన మనిషి. ఆయన తయారు చేసిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్ళు గెలిచింది. భారత జట్టుకు ఆయన కోచిగా ఉండగానే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో మనకు నాలుగో స్థానం వచ్చింది. 1962లో జకార్తా ఏషియన్ గేమ్స్ ఫైనలు దక్షిణ కొరియా మీద. అప్పటికే ఆయనకు క్యాన్సరు. అక్కడి జనానికి ఇండియా మీద కోపం ఉండి స్టేడియమంతా మనవాళ్ళకు వ్యతిరేకంగా అరుస్తోంది. అయినా 2-1తో గెలిచి బంగారు పతకం తెచ్చారు. మరుసటి ఏడాది, 1963లో, రహీమ్ సాబు పోయారు. సారు ఈ కథ చెప్పినప్పుడల్లా నాకు ఒళ్ళు జలదరిస్తుంది. కానీ ఆ ఆటగాళ్ళ అమ్మానాన్నలు ఎవరైనా ఆ గెలుపును కళ్ళారా చూశారా అని నాకొక ఆలోచన. జకార్తాకు ఎవరు పోగలరు?

నా వాదనంతా ఇక్కడే ఉంది. ఇంటి గ్రౌండులో ఆడితే గెలుస్తామని నేను అనడం లేదు. ఇంటివాళ్ళు చూస్తారని అంటున్నాను. మన జట్టులో ఉన్నవాళ్ళ అమ్మానాయనలు ఎవరు? కోడూరు వైపు పీతలు పట్టేవాళ్ళు, రొయ్యల గుంటల మీద రాత్రి కాపలా ఉండేవాళ్ళు, నాట్లకూ కోతలకూ పోయేవాళ్ళు. నెల్లూరులో మ్యాచి అంటే రానూ పోనూ చార్జీలు, దానికి తోడు ఒక రోజు కూలి పోతుంది. ఒక్కరు కూడా రారు. ఇక్కడైతే ఆటోలో అయిదారుగురు కలిసి వస్తారు, కొందరు నడిచే వస్తారు. మన సెంటరు ఫార్వర్డు అవ్వ అయితే, "వాడు బంతి తంతా ఉంటే మీరు సూసినారంట, నేను సూడలా" అని పోయిన నెల గేటు కాడ నాతోనే అన్నది. నెలలో రెండో ఆదివారం ఎట్లాగూ పెద్దవాళ్ళు మనల్ని చూడటానికి వస్తారు. మ్యాచి కూడా ఆ ఆదివారమే పెట్టమని అడుగుదాము. వేరే రోజు కూలి పోదు, వేరే చార్జీ ఉండదు.

క్రికెట్ పిచ్చోళ్ళు కూడా ఒక సంగతి గుర్తు చేసుకోవచ్చు. 2019లో ఐ.పి.ఎల్. ఫైనలు మద్రాసు నుంచి మారి హైదరాబాదు ఉప్పల్‌కు వచ్చింది. సన్‌రైజర్సు వాళ్ళేమో మే 8న విశాఖపట్నంలో ఢిల్లీ చేతిలో రెండు వికెట్ల తేడాతో ఓడి ఇంటికి పోయారు. నాలుగు రోజుల తర్వాత ఉప్పల్లో ముంబయి, చెన్నై ఆడుకున్నారు, ముంబయి ఒక్క పరుగుతో గెలిచింది. పెళ్ళి మనింట్లో, పెళ్ళికొడుకు పరాయివాడు! మనకు రెండూ కలిసొచ్చాయి. ఇల్లూ మనదే, జట్టూ మనదే. చేతులారా ఎందుకు పోగొట్టుకోవాల?

ఇక గ్రౌండు మాట. తూర్పు గోడ పక్కన కొంచెం పల్లం ఉంది, కాదనను. నాలుగు రోజులు సాయంత్రం ఆటల పీరియడులో అందరం తట్టలతో మట్టి మోస్తే ఆ పల్లం పూడుతుంది. గోలు స్తంభాలకు వల లేదంటారు. పాత చేపల వలలు మన ఊళ్ళల్లో ఎన్ని కావాలంటే అన్ని. పైగా మన గ్రౌండు మనకు తెలిసినట్టు ఎవరికి తెలుసు? మధ్యాహ్నం దాటితే సముద్రం వైపు నుంచి గాలి లేస్తుంది. ఆ వేళ పడమటి గోలు వైపు కొట్టిన బంతి గాలితో పాటే పోతుంది, తూర్పుకు కొట్టింది నడిమధ్యలో నిలబడిపోతుంది. టాసు గెలిస్తే సెకండాఫు పడమటికి ఆడేటట్టు కోరుకోవాలని మన కెప్టెనుకు చెప్పాల్సిన పని లేదు. చిన్నప్పటి నుంచి ఈ గాలిలోనే తంతున్నాడు. దీన్ని మోసమనే వాళ్ళుంటే, ఫైనలు వాళ్ళ ఊళ్ళో పడినప్పుడు వాళ్ళ గాలి వాళ్ళు వాడుకోవచ్చు.

వార్డెను సార్ల భయం ఏమిటో కూడా నాకు తెలుసు. మూడు వందల మంది ఒక చోట చేరితే అల్లరి అవుతుంది, ఎవడో గోడ దూకుతాడు, ఎదుటి బడి పిల్లలతో తగాదా వస్తుంది. భయం అన్యాయమైనది కాదు. మనలో కొందరు ఎదుటి గోలుకీపరును పేరు పెట్టి వెక్కిరించడానికి ఇప్పుడే పాటలు కడుతున్నారు. అవి మానుకోండి. వాళ్ళూ మనలాంటి హాస్టలు పిల్లలే, ఎక్కడి నుంచో తెల్లవారుజామున బస్సెక్కి వస్తారు. రాగానే నీళ్ళు, మధ్యాహ్నం మనతో పాటే అన్నం, ఆ రోజు కోడిగుడ్డు కూడా వాళ్ళకు ముందు వడ్డించాలి. గీత చుట్టూ తాడు కట్టి, తాడు లోపలికి ఎవడు కాలు పెట్టినా వాణ్ణి గదికి పంపించే అధికారం ఎనిమిదో తరగతి లీడర్లకు ఇవ్వండి. చిన్నవాళ్ళ చేతికి అధికారమిస్తే పెద్దవాళ్ళు ఎంత బుద్ధిగా ఉంటారో సార్లు ఒకసారి చూడొచ్చు.

పదో తరగతి చదువు పాడవుతుందనే మాటకు జవాబు చిన్నది. నెల్లూరుకు పోయి వస్తే రోజంతా పోతుంది. ఇక్కడైతే రెండు గంటలు. పైగా జట్టును అక్కడికి పంపి మమ్మల్ని స్టడీలో కూర్చోబెడితే ఆ పూట ఒక్క అక్షరం కూడా తలకెక్కదని నేను రాసిస్తాను.

రేపు సాయంత్రం ప్రార్థన అయ్యాక ప్రిన్సిపాలు సారుకు ఇవ్వాల్సిన అర్జీ మా గదిలో ఉంటుంది. సంతకాలు పెట్టేవాళ్ళు నీలం ఇంకుతో పెట్టండి, పెన్సిలు వద్దు. మట్టి మోయడానికి వచ్చేవాళ్ళు పేర్లు వేరే కాగితం మీద రాయండి. తట్టలు ఆరే ఉన్నాయి, ఇంటి నుంచి తేగలిగినవాళ్ళు సంక్రాంతి సెలవుల నుంచి వచ్చేటప్పుడు తెండి. పాత వల ఎవరింట్లో ఉన్నా అడిగి పెట్టండి, రెండు గోళ్ళకూ కలిపి ఒకటే పెద్దది దొరికినా కోసి కట్టుకుందాము.