ఊళ్ళో ఎక్కడ?

డిసెంబరు మూడో వారంలో మా బడికి సెలవులు ఇస్తారు. రెండు వారాలు. ఆఖరి రోజు పిల్లలు చాక్లెట్ పొట్లాలు, చేత్తో గీసిన కార్డులు నా టేబుల్ మీద పెట్టి పరిగెత్తుతారు. తోటి టీచర్లు అమ్మానాన్నల ఊళ్ళకు బయలుదేరతారు. దక్షిణ కరోలినాలోని ఈ చిన్న పట్నంలో, అద్దె ఇంట్లో నేను మిగిలిపోతాను. ఎక్స్‌చేంజ్ వీసా మీద వచ్చిన లెక్కల టీచర్ని. మూడేళ్ళు ఉండొచ్చు, పొడిగిస్తే ఇంకో రెండేళ్ళు. విమానం టికెట్టు డబ్బుతో ఇంటి దగ్గర అప్పు కొంత తీరుతుంది కాబట్టి సెలవుల్లో ఊరికి వెళ్ళను.

పైచదువుకి రాబోతున్న ఒక తమ్ముడు మొన్న ఫోన్లో అడిగాడు, "అక్కా, అక్కడ పండగలప్పుడు ఎలా ఉంటుంది?" అని. అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను. ఇక్కడ చెబుతాను.

మొదటి ఏడాది, గంట దూరంలో ఉన్న ఒక తెలుగు కుటుంబం భోజనానికి పిలిచింది. తలా ఒక వంట తెచ్చుకోవాలి. నేను గోంగూర పచ్చడి, కోడికూర పట్టుకెళ్ళాను. నాలుగు నెలలుగా ఎదురుగా తెలుగు వినని చెవులకు ఆ ఇంట్లో గోల ఎంత బాగుందో! కాసేపటికి ఒకావిడ వచ్చి పక్కన కూర్చుంది.

"మీది ఏ ఊరండీ?"

"ఒంగోలు దగ్గర."

"అయ్యో, మా అత్తగారిదీ అటే. ఏ ఊరు?"

చెప్పాను. ఆవిడకు మా ఊరు తెలుసు. వెంటనే అడిగింది, "ఊళ్ళో ఎక్కడ?"

ఈ ప్రశ్నకు అర్థం మీకు విడమరిచి చెప్పక్కర్లేదు. ఊళ్ళోనా, పల్లెలోనా అని. నేను "బస్టాండు దగ్గరండీ" అన్నాను. మా ఊరికి బస్టాండే లేదు. రోడ్డు మీద చెయ్యెత్తితే బస్సు ఆగుతుంది, అంతే. ఆ సంగతి ఆవిడకూ తెలిసే ఉండాలి. చిన్నగా నవ్వి ప్లేటు తీసుకుని లేచింది. ఆ రాత్రి నా కూర గిన్నె దాదాపు నిండుగానే ఇంటికొచ్చింది. కారం ఎక్కువైందా, ఇంకేదైనా కారణమా? ఇప్పటికీ తేల్చుకోలేను. ఇలా ప్రతి చిన్నదానికీ కారణం వెతుక్కుంటూ కూర్చోవడం మన బతుకులో ఒక భాగం. సముద్రాలు దాటినా అది వెంట వచ్చింది.

బళ్ళో ఇంకో కథ. సెలవుల ముందు "ప్రపంచ పండగలు" అని గోడ మీద ఒక బోర్డు పెడతారు. ఇండియా వంతు నాది. తోటి టీచరు మంచి మనసుతోనే అడిగింది, "మీరు క్రిస్మస్ చేసుకోరు కదా, దీపావళి గురించి పెడతారా?" అని. నేను తలూపి ప్రమిద బొమ్మ, ముగ్గు అతికించాను.

అతికిస్తుంటే మా పల్లె గుర్తొచ్చింది. వెదురుబద్దలతో కట్టి రంగు కాగితాలు అంటించిన నక్షత్రం, రాత్రంతా డప్పుతో ఇంటింటికీ తిరిగే క్యారల్స్, అమ్మ వండే అరిసెలు. 1878 జూలై 3న, కరువు కాలంలో, గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్ళలో అత్యధికులు మాదిగలు. అక్కడ మిషన్ నడిపిన జాన్ క్లౌ వెళ్ళింది ఈ అమెరికా నుంచే. అదే అమెరికాలో నిలబడి నేను క్రిస్మస్ ఎరగనిదానిలా ముగ్గు అంటిస్తున్నాను.

అయినా అక్కడ మాత్రం సూటిగా చెప్పుకోగలుగుతున్నామా? 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు ఇప్పటికీ బయటే ఉన్నారు. మన పల్లెల్లో ఎన్ని ఇళ్ళలో సర్టిఫికెట్ ఒక మాట, ఇంటి మీద నక్షత్రం ఇంకో మాట చెబుతాయో మీకు తెలుసు. కాగితానికి భయపడి అక్కడ దాచాం. మర్యాదకి భయపడి ఇక్కడ దాస్తున్నాం.

రెండో ఏడాది, నా తరగతిలో సాయంగా ఉండే ఒక నల్లజాతి పెద్దావిడ డిసెంబరు 31 రాత్రి తమ చర్చికి రమ్మంది. ఆ రోజు మధ్యాహ్నం ఒకటిన్నరకు మా పల్లెలో పన్నెండు కొట్టింది. అమ్మ ఫోను ఎత్తి పట్టుకుంటే చర్చి మైకులో పాట విన్నాను. రాత్రి ఇక్కడి చర్చిలో అదే మేలుకొలుపు ప్రార్థన. కానీ వీళ్ళకు ఆ రాత్రికి ఇంకో చరిత్ర ఉంది. తెల్లారితే లింకన్ విముక్తి ప్రకటన అమల్లోకి వస్తుందని 1862 డిసెంబరు 31 రాత్రి వాళ్ళ పూర్వీకులు చర్చిల్లో మేలుకుని ఎదురుచూశారు.

ప్రార్థన అయ్యాక మెట్ల మీద ఆవిడ అడిగింది, "మీవాళ్ళెవరు? ఎక్కడుంటారు?" అని. ప్రశ్న దాదాపు అదే. కానీ ఈసారి నేను అబద్ధం చెప్పలేదు. పల్లె గురించి, మా తాత చూసిన రెండు గ్లాసుల టీకొట్టు గురించి చెప్పాను. వాళ్ళమ్మ వెనక తలుపు దగ్గర నిలబడి తిండి కొనుక్కున్న హోటలు గురించి ఆవిడ చెప్పింది. 1873లో ఫూలే తన 'గులాంగిరీ'ని బానిసత్వాన్ని నిర్మూలించిన అమెరికా ప్రజలకు ఎందుకు అంకితమిచ్చారో ఆ మెట్ల మీద అర్థమైంది.

సెలవుల తర్వాత బోర్డు మీద ప్రమిద తీసి సావిత్రీబాయి ఫూలే బొమ్మ పెట్టాను. జనవరి 3 ఆమె పుట్టినరోజు. బడికి వెళ్తుంటే ఆమె మీద పేడ, రాళ్ళు వేశారని చెబితే ఒక పిల్లాడు, "రూబీ బ్రిడ్జెస్ మీద అరిచినట్టా, మిస్?" అన్నాడు. అవును, అలాగే అన్నాను. ఐదో తరగతి పిల్లాడికి ఒక్క నిమిషంలో అర్థమైంది.

మిత్రులారా, ఈ సెలవుల రోజులు మనకు ఖాళీవి కావు. 1927 డిసెంబరు 25న మహద్‌లో బాబాసాహెబ్ మనుస్మృతిని తగలబెట్టారు. 1968లో అదే తేదీ రాత్రి కీళవెణ్మణిలో 44 మందిని గుడిసెలో పెట్టి కాల్చేశారు. జనవరి 1 భీమా కోరేగావ్. జనవరి 17 రోహిత్ మనల్ని విడిచిన రోజు. ఇంత ఉన్న మనం పరాయి బోర్డు మీద పరాయి ముగ్గు అంటించుకోవాల్సిన పని లేదు.

అలాగని అందరూ రేపే అన్నీ చెప్పేయండి అని నేను అనను. గది ఇచ్చినవాడు, ఉద్యోగం ఇప్పించినవాడు ఆ ప్రశ్న అడిగేవాడే అయితే నోరు విప్పడం ఎంత ప్రమాదమో తెలుసు. సియాటిల్ నగరం 2023లో కులవివక్షను నిషేధించింది. అదే ఏడాది కాలిఫోర్నియాలో చట్టసభ ఆమోదించిన బిల్లును గవర్నర్ వీటో చేశాడు. నేనున్న చోట అలాంటి రక్షణ ఏదీ లేదు. కాబట్టి దాచుకున్నవాళ్ళను తప్పుపట్టకండి. తప్పు అడిగేవాళ్ళది. కానీ మన సంగతి తెలిసిన ఒక్క మనిషినైనా సంపాదించుకోండి, తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ. పరాయి దేశంలో పండగపూట నన్ను ఎక్కువగా తినేసింది దూరం కాదు, ఆ బస్టాండు అబద్ధమే.

ఈ డిసెంబరులో మళ్ళీ ఆ ఇంటి నుంచే పిలుపు వచ్చింది. వెళ్తున్నాను. గోంగూర పచ్చడే పట్టుకెళ్తాను. ఎవరైనా అడిగితే జవాబు సిద్ధంగా ఉంది.

"పల్లెలోనండీ. చర్చి పక్కనే."

జై భీమ్.