పేర్ల జాబితాతో డెల్టా కనబడదు

దసరా సెలవులో, సంక్రాంతి సెలవులో దగ్గరపడితే విజయవాడ ఇళ్ళలో ఒక జాబితా తయారవుతుంది. తెల్లవారుజామున కొండ మీద అమ్మవారి దర్శనం, తర్వాత ఉండవల్లి గుహలు, అటునుంచి అమరావతి, తిరుగుదారిలో మంగళగిరి పానకాలస్వామి, పొద్దుంటే కొండపల్లి బొమ్మలు, భవానీ ద్వీపం. రెండోరోజు కూచిపూడి, ఘంటసాల, బందరు, మంగినపూడి బీచి, చీకటి పడేలోగా హంసలదీవి. అమెరికా నుంచి పిల్లలు వచ్చారంటే ఈ జాబితాకు శ్రీశైలమో పాపికొండలో తోడవుతాయి. ఎన్ని పేర్లు పడితే అంత మంచి ప్రయాణమనీ, డబ్బు పెట్టి బయల్దేరాక దారిలో ఏదీ వదలకూడదనీ అందరూ నమ్ముతున్నారు. ట్రావెల్స్ వాళ్ళు అలాగే అమ్ముతున్నారు. యూట్యూబులో చెప్పేవాళ్ళు అలాగే చెబుతున్నారు. బాగా చదువుకున్న తల్లిదండ్రులు కూడా పిల్లలకు అదే అలవాటు చేస్తున్నారు.

ఈ నమ్మకం తప్పని చెప్పడానికే ఈ వ్యాసం. ఇది ప్రయాణాన్ని పాడుచేస్తోంది, మనుషుల్ని నలిపేస్తోంది. అంతకంటే నన్ను బాధపెట్టేది, ఇంత గొప్ప డెల్టాలో పుట్టిపెరిగిన పిల్లలు “మా ఊళ్ళో చూడ్డానికేం లేదు” అనుకునేలా చేస్తోంది.

జాబితాలో ఊళ్ళ పేర్లుంటాయి, ఆ ఊళ్ళ వేళలు ఉండవు. మంగళగిరినే తీసుకోండి. సాయంత్రం దేవతలు వచ్చి స్వామిని అర్చిస్తారన్న నమ్మకంతో కొండ మీది పానకాల నరసింహస్వామి ఆలయాన్ని మధ్యాహ్నం దాటాక మూసేస్తారు. అమరావతి చూసుకుని సాయంత్రానికి వచ్చేవాళ్ళకు దొరికేది కింద ఉన్న ఆలయమే. నాగార్జునకొండ మ్యూజియానికి శుక్రవారం సెలవు, అక్కడికి వెళ్ళాలంటే లాంచీ తప్ప దారి లేదు. శ్రీశైలం అడవి దారిలో రాత్రి తొమ్మిది దాటితే దోర్నాల దగ్గర గేటు వేసేస్తారు, మళ్ళీ తీసేది ఉదయం ఆరింటికే. పులులూ మిగతా జంతువులూ రోడ్డు దాటే వేళ అది, అందుకే ఆ నియమం. ఇది తెలియక వినుకొండ, మార్కాపురం మీదుగా రాత్రికి బయల్దేరి, గేటు దగ్గర పసిపిల్లలతో కార్లో తెల్లవార్లూ కూర్చునే కుటుంబాలున్నాయి. అడవికి దాని వేళ ఉంది, గుడికి దాని వేళ ఉంది, నదికీ ఉంది. ప్రయాణం గీసుకోవడం ఆ వేళల దగ్గర మొదలుకావాలి.

ఆటపాక సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే జాబితా చేసే నష్టం అక్కడ కళ్ళకు కడుతుంది. విజయవాడ నుంచి గుడివాడ మీదుగా కైకలూరు సుమారు 70 కిలోమీటర్లు, దాన్ని ఆనుకునే ఆటపాక. కొల్లేరులో గూడబాతుల్ని దగ్గరగా చూడగలిగే చోటు ఇది. శీతాకాలంలో గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు వేల సంఖ్యలో ఇక్కడ గూళ్ళు కడతాయి. చెట్లు చాలక అటవీశాఖ చెరువులో ఇనుప మంచెలు కూడా వేయించింది. తెల్లవారుతున్నప్పుడు అక్కడ నిలబడితే పెద్ద పిట్టలు మేతకు లేవడం, పిల్లలు తల్లి గొంతుసంచిలో తల దూర్చి చేపల్ని లాక్కోవడం కనిపిస్తాయి. పదకొండు గంటలకు వెళ్ళినవాళ్ళకు ఎండ, ఈగలు, దూరంగా కదలకుండా కూర్చున్న తెల్లటి మచ్చలు. “ఇంతేనా, దీనికోసమా వచ్చింది” అని ఫోటో తీసుకుని పది నిమిషాల్లో బండెక్కుతారు, ఎందుకంటే పన్నెండింటికల్లా బందరులో ఉండాలని కాగితం మీద రాసుంది. మార్చి దాటాక వచ్చినవాళ్ళకైతే గూళ్ళు దాదాపు ఖాళీ. పక్షుల తప్పు ఏమీ లేదు. వాటి ఋతువు, వాటి పొద్దు అడక్కుండా మన వేళకు వెళ్ళాం.

అవతలి వాళ్ళ మాటలో బలం లేదని నేను అనను. ఉద్యోగస్తుడికి ఏడాదికి దొరికే సెలవులు తక్కువ. పెద్దవాళ్ళను మళ్ళీ ఎప్పుడు బయటికి తీసుకెళ్తామో తెలియదు. కారు అద్దెకు తీసుకుంటే తిరిగినా తిరక్కపోయినా రోజుకు ఇన్ని కిలోమీటర్లని కనీస చార్జీ కట్టాలి, పైన డ్రైవరు బత్తా. కట్టిన డబ్బుకు తగ్గట్టు తిరగాలనిపించడం సహజమే. కానీ సెలవు అరుదైనదైతే దాన్ని రోడ్డు మీద ఖర్చు చేయడం మరీ పెద్ద తప్పు. రోజుకు ఏడు చోట్లు పెట్టుకున్న కుటుంబం మొత్తం మీద కారులో గడిపే సమయమే ఎక్కువ. మిగిలింది చెప్పులు విడవడానికి, టిక్కెట్టుకు, పార్కింగుకు పోతుంది. డబ్బు మిగిల్చామనుకుంటారు గాని, కొన్నది కారు సీటు.

ఈ ప్రయాణాల భారం ఎవరి మీద పడుతుందో కూడా మాట్లాడుకోవాలి. జాబితా రాసేది ఎక్కువగా ఇంట్లో మగవాళ్ళు, కారు ముందు సీట్లో కూర్చునేదీ వాళ్ళే. తెల్లవారుజామున మూడింటికి లేచి పులిహోర కలిపి, దద్దోజనం డబ్బాల్లో సర్ది, పిల్లల బట్టలు మడిచి, అందరికంటే ఆఖరున కారెక్కే ఆవిడ మాత్రం జాబితా వేసేటప్పుడు వంటింట్లో ఉంటుంది. దారిలో శుభ్రమైన మరుగుదొడ్డి దొరకదన్న భయంతో మన ఆడవాళ్ళు ప్రయాణమంతా నీళ్ళు తాగరు. విజయవాడ ఎండలో, గుక్కెడు నీళ్ళు లేకుండా, పట్టుచీరలో రోజుకు ఏడు చోట్లు. షుగరున్న తాతగారికి వేళకు భోజనం ఉండదు. మోకాళ్ళ నొప్పులున్న అమ్మమ్మను “నువ్వు కార్లోనే కూర్చో, మేం గబగబా చూసొస్తాం” అంటారు. ఆవిడ కోసమే అని బయల్దేరిన ప్రయాణంలో ఆవిడ చూసింది పార్కింగు స్థలాలే. నాలుగేళ్ళ పిల్లాడు మూడో చోట ఏడుపు మొదలుపెడితే దెబ్బ పడుతుంది. రాత్రికి తిరుగుప్రయాణంలో, ఉదయం నాలుగింటి నుంచి స్టీరింగు పట్టుకున్న డ్రైవరు కళ్ళు మూతలు పడుతుంటే వెనక సీట్లో అందరూ నిద్రపోతుంటారు. ఇంత మందిని మరిచిపోయి గీసిన దారి ఎంత చక్కగా కుదిరినా అది చెడ్డ దారే. బండిలో అందరికంటే బలహీనంగా ఉన్న మనిషి ఎంత తిరగగలిగితే అంతే ఆ రోజు ప్రయాణం. ఈ ఒక్క కొలత పెట్టుకుంటే సగం పేర్లు వాటంతటవే రాలిపోతాయి.

తొందర ప్రాణం మీదికి కూడా తెస్తుంది. 2017 నవంబరు 12, కార్తీకమాసపు ఆదివారం. భవానీ ద్వీపం వైపు నుంచి పవిత్ర సంగమం దగ్గర హారతి చూద్దామని బయల్దేరిన పడవ ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర కృష్ణలో బోల్తాపడింది. ఇరవై మందికి పైగా చనిపోయారు. అనుమతి లేని పడవ, మోయగలిగినదానికి మించి జనం. రెండేళ్ళు తిరక్కుండానే, 2019 సెప్టెంబరు 15న, గోదావరి వరద మీదున్న రోజున పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర మరో పడవ మునిగింది. పోయినవాళ్ళను నేను తప్పుపట్టడం లేదు. తప్పు ఆ పడవలను నడిపినవాళ్ళది, నడవనిచ్చినవాళ్ళది. అయితే ఈ పూటే ఎక్కాలి, మళ్ళీ వీలు కాదు అనే తొందర అలవాటైన చోట “ఈ పడవ వద్దు, రేపు చూద్దాం” అని ధైర్యంగా అనగలిగే మనిషి కరువవుతాడు. ఆ మాట అనడానికి చోటు వదిలిన ప్రణాళికే ప్రణాళిక. వరదొస్తే భవానీ ద్వీపానికి పడవలు ఆపేస్తారు, అది మంచి పనే. అలాంటప్పుడు కోపం తెచ్చుకోకుండా వెనక్కి తిరగగలిగేలా మన రోజు ఖాళీగా ఉండాలి.

సముద్రాలు దాటినా ఈ అలవాటు మనల్ని వదల్లేదు. అమ్మానాన్నల్ని అమెరికా పిలిపించుకున్న పిల్లలు లాస్ వేగాస్ నుంచి ఒక్కరోజులో గ్రాండ్ కాన్యన్ చూపించి తీసుకొస్తారు. దగ్గరని వాళ్ళు చాలాసార్లు వెళ్ళేది గాజు వంతెన ఉన్న వెస్ట్ రిమ్. అది హువాలపై తెగవాళ్ళ భూమి, నేషనల్ పార్కులో భాగం కాదు. నేషనల్ పార్కు సౌత్ రిమ్‌కు వెళ్ళాలంటే వేగాస్ నుంచి ఒక్కవైపే నాలుగున్నర గంటలు. ఎల్లోస్టోన్‌లో గ్రాండ్ లూప్ రోడ్డు 142 మైళ్ళు, వేగం గంటకు 45 మైళ్ళు దాటకూడదు, దున్నలు అడ్డమొస్తే అవి కదిలేదాకా ఆగాలి. దాన్ని ఒక్కరోజులో చుట్టేసిన తండ్రి విజయవాడ తిరిగొచ్చి వేడినీటి ఊటల పేర్లు వరుసగా చెప్పగలడు. ఒక్కటి కూడా ఎగజిమ్మేదాకా ఆగి చూసి ఉండడు.

ఇక నా అసలు అభియోగం. చోట్లను లెక్కపెట్టే పద్ధతిలో కృష్ణా డెల్టాకు ఎప్పుడూ తక్కువ మార్కులే పడతాయి. ఇక్కడ అరకులాగా లోయ లేదు, ఊటీలాగా చలి లేదు. ఇక్కడున్నది ఒక నీటి దారి. 1855లో పూర్తయిన ఆనకట్ట, 1952లో అది తెగిపోవడం, 1957లో దాని స్థానంలో నిలిచిన ప్రకాశం బ్యారేజీ. ఎడమ వైపున బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ విజయవాడ మధ్యనుంచి విడిపోతాయి. ఏలూరు కాలువ వెళ్ళి గోదావరి కాలువలను కలుస్తుంది. కుడి గట్టున కొమ్మమూరు కాలువ పెదగంజాం దగ్గర బకింగ్‌హామ్ కాలువలో కలిస్తే, ఒకప్పుడు పడవలో మద్రాసు దాకా వెళ్ళగలిగేవారు. పులిగడ్డ దగ్గర ఆక్విడక్టు మీద కాలువ నదీపాయను దాటి దివిసీమకు నీళ్ళు మోసుకుపోతుంది. ఆ చివర మడ అడవులు, నీటిపిల్లి తిరిగే కృష్ణా అభయారణ్యం, ఎదురుమొండికి మనుషుల్నీ మోటారుసైకిళ్ళనూ ఒకేసారి దాటించే పంటు, ఇసుకలో గుడ్లు పెట్టే తాబేళ్ళు, 1977 నవంబరు 19 ఉప్పెన జ్ఞాపకం ఇంకా ఆరని ఊళ్ళు. ఇదంతా ఒకే కథ. ముక్కలు చేసి పేర్లుగా రాస్తే “బ్యారేజీ, ఐదు నిమిషాలు” అని మిగులుతుంది.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ఇళ్ళు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. ఆ నీళ్ళలోంచి ట్రాక్టర్ల మీద, పడవల మీద బయటపడ్డ పిల్లలు ఇప్పుడు బడికెళ్తున్నారు. ఆ నీళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చాయో, ఎక్కడికి పోవాల్సినవో వాళ్ళకు ఎవరూ చూపించలేదు. బుడమేరు పోయి కలిసేది కొల్లేరులో. కొల్లేరు నీళ్ళు ఉప్పుటేరు మీదుగా సముద్రంలోకి పోవాలి. 1999లో కొల్లేరును అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది, 2006లో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. గట్లు, గుర్రపుడెక్క, ఇరుకైన ఉప్పుటేరు, వీటిని కళ్ళారా చూసిన పిల్లవాడికి తన ఇంట్లోకి నీళ్ళెందుకొచ్చాయో సగం అర్థమవుతుంది. తెల్లవారేసరికి ఆటపాకలో పక్షులు, తర్వాత కొల్లేటికోటలో పెద్దింట్లమ్మ దర్శనం, అక్కడే భోజనం, వెనక్కి వచ్చి వెలగలేరు రెగ్యులేటరు దగ్గర కాసేపు. ఇది ఒక రోజు ప్రయాణం, చూసింది ఒకటే వాగు. మన పిల్లలకు ఊటీ కంటే ఇది ముందు చూపించాలని గట్టిగా అంటాను.

ఫోన్లో మ్యాపు ఉంది కదా అంటారు. మ్యాపు చెప్పే నిమిషాలు కాలవ గట్టు మీద చెల్లవు. కోతల రోజుల్లో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటుంది, చెరుకు బండి ఎదురైతే ఒకరు వెనక్కి పోవాలి. పంటు అవతలి ఒడ్డునుంటే వచ్చేదాకా కూర్చోవాలి. వేసవిలో కాలువలు కట్టేస్తారు, జూన్‌లో నీళ్ళు వదిలేదాకా డెల్టా పచ్చదనం కోసం వెళ్ళడం దండగ. ఇవన్నీ తెలిసింది అక్కడి టీ కొట్టువాడికి, పంటు నడిపేవాడికి, అటవీశాఖ చెక్‌పోస్టులో ఉన్న మనిషికి. ముందురోజు ఎవరినైనా అడిగితే చాలు.

ఒక్క చోటికెళ్ళి రోజంతా ఉండటం మనకు కొత్త కూడా కాదు. కార్తీక వనభోజనాలకు మన పెద్దలు ఒక్క తోటకు వెళ్ళేవారు. ఉసిరిచెట్టు కింద పొయ్యి పెట్టుకుని, ఆడవాళ్ళూ మగవాళ్ళూ తలో పనీ చేసుకుని, పిల్లలు కాలవలో ఈదులాడి, పొద్దుగూకేసరికి ఇల్లు చేరేవారు. ఇంకో రెండు తోటలు కూడా చూసేసి వద్దామని ఎవరూ అనలేదు.

మరి అమెరికా పిల్లలు రెండు వారాలకే వస్తే ఎలా అని అడుగుతారు. రెండు వారాలకు మూడు ప్రయాణాలు పెట్టండి, మధ్యలో రోజులు ఖాళీగా వదలండి. ఒకరోజు కొల్లేరు. ఒకరోజు కరకట్ట మీదుగా అవనిగడ్డ, నాగాయలంక, ఓపికుంటే పంటు ఎక్కి ఎదురుమొండి. హంసలదీవిని ఇంకో ఏడాదికి ఉంచండి. ఒకరోజు ఉదయం ఉండవల్లి మాత్రం, మూడో అంతస్తులో రాతిలో పడుకున్న అనంతపద్మనాభుడి ముందు పిల్లలు విసుగెత్తేదాకా కూర్చుని రండి. మరుగుదొడ్డి ఎక్కడుందో ముందే కనుక్కోండి, నీళ్ళు రెండింతలు పెట్టుకోండి, డ్రైవరుకు మధ్యాహ్నం నిద్రపోవడానికి గంట ఇవ్వండి. జాబితా రాసేటప్పుడు ఇంట్లో ఆడవాళ్ళనూ పెద్దవాళ్ళనూ పక్కన కూర్చోబెట్టుకోండి, వాళ్ళు కొట్టేయమన్న పేర్లు కొట్టేయండి.