ఉయ్యాలలు మారుస్తున్నరు సరే.. ఎవరినడిగి?

ఇనుప ఉయ్యాలలు తుప్పు పట్టినయి. మార్చాలె. అండ్ల రెండో మాట లేదు. జారుడుబండ రేకు అంచు లేచి పిల్లల తొడలు కోసుకపోతుంటే, గొలుసు కొండీ అరిగి వేలాడుతుంటే పాతదాన్నే పట్టుకొని కూసోమని ఎవరూ అనరు. మే నెల ఎండల ఆ రేకు మీద కూసున్న పోరడు కూసున్నంత సేపు గూడ ఆగకుండ ఎగిరి దుంకుతడు. మన కొట్లాట మార్చొద్దని గాదు. మార్చే పేరు మీద ఏం పెడుతున్నరు, ఎవరినడిగి పెడుతున్నరు, పెట్టినంక లోపటికి ఎవరిని రానిస్తున్నరు? పంచాయితీ అంతా అక్కడనే ఉన్నది.

హైదరాబాద్ పార్కులల్ల ఆటసామాను ఎట్ల ముసలిదైతదో చూసినోళ్లకు ఎరుకే. ముందు ఒక బోల్టు ఊడుతది. బోల్టు బిగించెటోడు రాడు. ఉయ్యాల ఒక దిక్కు వంగుతది. వాచ్‌మన్ దాన్ని పైకి చుట్టి తాడుతోని కడ్తడు. ఆరు నెలలు అట్లనే ఉంటది. మెల్లగ జారుడుబండ మెట్టు విరుగుతది, సీసా బల్ల పోతది. అప్పుడు గని సార్లకు యాదికి రాదు పార్కున్నదని. టెండరు పిలుస్తరు. పాతదంతా తుక్కు కింద పీకేస్తరు. ఎర్రది, పచ్చది, నీలిరంగు ప్లాస్టిక్ సామాను లారీల దిగుతది. జారుడుబండ కన్న ఫ్లెక్సీ పెద్దగుంటది. రిబ్బన్ కోస్తరు, ఫొటో దిగుతరు, పోతరు. రెండు ఎండకాలాలు దాటేసరికి ఆ ప్లాస్టిక్ పగుళ్లిస్తది. దానికి స్పేర్ పార్టు బజార్ల దొరకదు. పాత ఇనుప ఉయ్యాలకైతే గల్లీ చివర ఉన్న వెల్డింగ్ షాపాయన అతుకేసెటోడు. ఈ ప్లాస్టిక్‌కు అతుకేసెటోడు ఎవడు? మళ్ల టెండరే!

దీని వెనుకున్న లెక్క చానా సులువు. గొలుసు మారిస్తే బిల్లు వందల్ల. మొత్తం మారిస్తే బిల్లు లక్షల్ల. వందల బిల్లుల ఎవలకూ ఏం మిగలదు. గందుకే మన బల్దియాల కొనుడుకు పైసలుంటయి, కాపాడుడుకు పైసలుండయి. ఆటసామాను ముసలిదై పడిపోతలేదు. దాన్ని పడిపోనిస్తున్నరు.

ఇంకో ముచ్చట చూడుండ్రి. 2021ల ఇందిరాపార్కుల పంచతత్వ పార్కు అని ఒకటి పెట్టిన్రు. నడిచెటోళ్ల అరికాళ్లకు మంచిదని గులకరాళ్లు, ఇసుక, చెట్ల బెరడు, నల్లమట్టి, నీళ్లు పరిచిన బాట అది. పెద్దమనుషుల మోకాళ్లు బాగుపడితే మనకేం దుఃఖం లేదు. కాని ఉయ్యాల మీదికెల్లి పిల్ల కిందపడితే దెబ్బ తగలకుండ కాపాడేది గూడ గదే ఇసుక, గదే బెరడు! ఆటస్థలాల ప్రమాదాలల్ల పెద్ద దెబ్బలు ఎక్కువ తగిలేది కిందపడితేనే. ఎంత ఎత్తుకెల్లి పడ్డడనేది ఒకటి, ఏం మీద పడ్డడనేది ఒకటి. అడుగు లోతు ఇసుక పోసి, వారానికి ఒకసారి తిరగేసి, గాజు పెంకులు, కుక్కల గలీజు ఏరేస్తే పిల్లల చేతులు విరగవు. దానికి కావాల్సింది లారీ ఇసుక, ఒక పారపట్టే మనిషి. అయినా ఎన్ని పార్కులల్ల జారుడుబండ కింద సిమెంటు గచ్చు, టైల్స్ కనపడ్తయో మీరే లెక్కపెట్టుండ్రి. పెద్దోళ్ల అరికాళ్లకు ఇసుకట, చిన్నపిల్లల తలకాయలకు సిమెంటట! ఈ ఇంజినీరింగు ఏ కాలేజీల చెప్తరో ఏమో.

కొన్నిచోట్ల రబ్బరు చాపలు పరుస్తున్నరు. సలికాలం బాగనే ఉంటయి. మన ఎండలకు నీడ లేని జాగల నల్ల రబ్బరు పెనం లెక్క కాగుతది. నీడ ఏది అంటే, కొత్త సామానుకు అడ్డమొస్తున్నదని ఉన్న యాపచెట్టు కొమ్మలన్ని నరికేస్తరు. కెటలాగు బొమ్మల చెట్టు ఉండదు గద!

ఎందుకిట్లయితున్నదంటే, పొద్దుగాల నడిచెటోళ్లకు వాకర్స్ అసోసియేషన్ ఉన్నది. అసోసియేషన్‌కు ఓట్లున్నయి. ఎన్నికలొస్తే అన్ని పార్టీల లీడర్లు పొద్దున ఆరింటికి బూట్లేసుకొని పార్కుల దిగుతరు. పోరగాండ్లకు అసోసియేషన్ లేదు, ఓటు లేదు. గందుకే నడక బాటలు బాగుపడ్తయి, ఓపెన్ జిమ్ములొస్తయి, ఉయ్యాలలు మాత్రం తాడుకు కట్టేసి ఉంటయి. అందుల గూడ బంగ్లాల పిల్లలకు అపార్టుమెంటుల సొంత ఆటస్థలం ఉంటది. దోమలగూడ గల్లీలల్ల, బాగ్‌లింగంపల్లి క్వార్టర్లల్ల, రాంనగర్ ఇరుకు ఇండ్లల్ల పెరిగే పిల్లలకు ఈ పార్కు తప్ప ఇంకో జాగ లేదు. రోడ్డు మీద ఆడితే ఆటో గుద్దుతది. మిద్దె మీద ఆడితే ఓనర్ తిడ్తడు.

వాకర్ల పేరు చెప్పి ఈ నగరంల ఇంకా ఏమేం చేసిన్రో ఉద్యమకారులకు యాది చేయాల్సిన పనిలేదు. ఇందిరాపార్కు గోడ పక్కనున్న ధర్నాచౌక్‌ను 2017ల ఎత్తేసిన్రు. నడిచెటోళ్లకు, చుట్టుపక్క కాలనీలకు ఇబ్బంది అన్నది అప్పటి సాకు. ఏ టెంటు కింద కూసొని తెలంగాణ అడిగిన్రో ఆ టెంటునే పీకిన్రు. 2018 నవంబర్‌ల హైకోర్టు చెప్తేగని మళ్ల అక్కడ కూసునే వీలు కాలేదు. గోడకు ఈ దిక్కు ధర్నాచౌక్, ఆ దిక్కు పిల్లల ఉయ్యాల. రెండూ పబ్లిక్ జాగలే. రెండిట్ల దేనికీ ఆమ్దానీ లేదు. ఆమ్దానీ లేని జాగ అంటే సర్కారుకు ఎప్పుడైనా కండ్లమంటనే.

నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ అసలు పేరు బాగ్-ఎ-ఆమ్. ఆమ్ అంటే జనం. జనం తోట. ఆ తోటల జూబ్లీహాలు వచ్చింది, మ్యూజియం వచ్చింది, ఆడిటోరియం వచ్చింది, అసెంబ్లీ ఉన్నది. ఒక్కొక్కటి మంచిదే. కాని ఎవరికి జాగ కావాల్సివచ్చినా ముందు తోట దిక్కే చూసిన్రు. పిల్లల పేరు మీద జవహర్ బాలభవన్ ఉన్నది గనుక ఆ మాత్రమైనా మిగిలింది. హుస్సేన్‌సాగర్ ఒడ్డును లుంబినీ పార్కు, ఎన్టీఆర్ గార్డెన్స్ అని టికెట్ల తోటలు చేసిన్రు. చెరువు మనది, ఒడ్డు మనది, గేటుకాడ టికెట్టేందని ఆనాడు ఉద్యమం అడిగింది. సీమాంధ్ర పాలకులు మన జాగలను అమ్మకానికి పెట్టిన్రని తిట్టినం. తిట్టింది న్యాయమే. 2014 జూన్ 2 తర్వాత ఆ గేట్లు తెరుచుకున్నయా? 2017ల సికింద్రాబాద్ బైసన్ పోలో మైదానంల సెక్రటేరియట్ కడ్తమన్నది ఎవరు? మన సర్కారే! జనం అడ్డుకోబట్టి, కోర్టులకు పోబట్టి ఆ మైదానం మిగిలింది. పాలకులు మారిన్రు. కాంట్రాక్టు మారలేదు.

పైసల్లేవనే మాటొకటి చెప్తరు. 2023 ఆగస్టుల ఇందిరాపార్కు కాడికెల్లి వీఎస్టీ దాంక స్టీల్ బ్రిడ్జి తెరిచిన్రు. సుమారు 450 కోట్లు. కార్మిక నాయకుడు నాయిని నర్సింహారెడ్డి పేరు పెట్టిన్రు, సంతోషం. బ్రిడ్జి వద్దనెటోళ్లం గాదు, ఆర్టీసీ క్రాస్‌రోడ్డు ట్రాఫిక్‌ల నలిగినోళ్లమే. కాని కార్లు ఆగకుండ పోవుడుకు వందల కోట్ల ఇనుము దొరికిన చోట, కిందున్న పిల్లలకు రెండు మూరల ఉయ్యాల గొలుసు దొరకదా?

ఉద్యోగ మిత్రులకు ఒక మాట. 2011ల సకల జనుల సమ్మె 42 రోజులు చేసిన్రు. ఇంజినీర్లు చేసిన్రు, గుమస్తాలు చేసిన్రు, మున్సిపల్ సిబ్బంది చేసిన్రు. జీతం పోయినా నిలబడ్డరు. ఈనాడు పార్కు ఎస్టిమేటు మీద సంతకం పెడ్తున్నది మీలోనివాళ్లే. కాంట్రాక్టర్ తెచ్చిన కెటలాగు మీద కండ్లు మూసుకొని సంతకం పెట్టొద్దు. ఇసుకకు ఎంత రాసిన్రు, నీడకు ఏం రాసిన్రు, ఐదేండ్ల రిపేరు ఎవరి మెడకు కట్టిన్రు అని ఒక్కసారి అడిగి పెట్టుండ్రి. విద్యార్థులకూ ఇదే మాట. కోచింగుల కోసం జిల్లాల నుంచి వచ్చి అశోక్‌నగర్‌ల అద్దె గదులల్ల ఉంటున్న మీకు ఇందిరాపార్కు నాలుగడుగుల దూరం. గ్రూప్స్ కోసం 74వ రాజ్యాంగ సవరణ బట్టీ పట్టేది మీరే. 1992 నాటి ఆ సవరణతోని వచ్చిన పన్నెండో షెడ్యూలుల పార్కులు, ఆటస్థలాలు అని సాఫుగ రాసి ఉన్నది. మూడు లక్షల జనాభా దాటిన పట్టణంల వార్డు కమిటీలుండాలని గూడ ఉన్నది. పరీక్ష పేపర్ల రాసే జవాబును ఒక్కసారి బల్దియా ఆఫీసుల చదివి వినిపించుండ్రి.

చట్టాలకు కొదువ లేదు.  పార్కు జాగను ప్రైవేటు దవాఖానకు ఇయ్యనీకి లేదని 1991ల బెంగళూరు కేసుల సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఉన్నది. దాని ప్రకారం చక్రాల కుర్చీల వచ్చిన పిల్లకు గూడ ఆట కావాలె. మన పార్కు గేట్లేమో బండ్లు రాకుండ ఇనుప పైపులు అడ్డం పాతి ఉంటయి. కుర్చీ గేటుకాడనే ఆగిపోతది. గేటు దాటలేని పిల్లకు లోపట ఎంత రంగుల జారుడుబండ పెడితే ఏం లాభం?

పాత సామాను పీకే ముందు బస్తీల మీటింగ్ పెట్టాలె. ఆదివారం పొద్దున వాకర్లతోని గాదు, సాయంత్రం తల్లులతోని, పిల్లలతోని. ఎస్టిమేటు తెలుగుల, ఉర్దూల బోర్డు మీద రాసి గేటుకాడ పెట్టాలె. ఒక దిక్కు పీకితే ఇంకో దిక్కు ఆడుకోనియ్యాలె, పనుల పేరు మీద ఏడాదంతా తాళం వేస్తే ఊకునేది లేదు. కొత్త సామాను వచ్చిందని కొత్త టికెట్ పెడితే అసలే ఊకునేది లేదు.

సమాచార హక్కు దరఖాస్తుకు పది రూపాయలు. టెండరు ఎంత, కాంట్రాక్టర్ ఎవరు, రిపేరు గడువెంత, పీకిన పాత ఇనుము ఏ రేటుకు ఎవరికి అమ్మిన్రు, ఈ నాలుగు ప్రశ్నలు రాసి ఇయ్యుండ్రి. ముప్పై రోజుల్ల జవాబు రావాలె. రాకపోతే అప్పీలు. అప్పీలుకు గూడ పలకకపోతే ధర్నాచౌక్ గోడ అవతలనే ఉన్నది. ఈసారి పిల్లలను గూడ తీసుకొని కూసుందం.