ఇంటికో చిన్న కంప్యూటర్ చాలు



శుక్రవారం తరగతులు ముగిశాక నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న గుణింతాల గురించి కాదు, ఒత్తుల గురించి కూడా కాదు. "సార్, మీరు సాఫ్ట్‌వేర్ కదా, ఇంటికి ఏ కంప్యూటర్ కొనమంటారు?" అని. అడిగినవాళ్ళే సగం జవాబు కూడా చెప్పేస్తారు. ఐ-సెవెన్ ఉండాలట, పదహారు జీబీ ర్యామ్ ఉండాలట, గ్రాఫిక్స్ కార్డు లేకపోతే మావాడు ఒప్పుకోడట. కారు పార్కింగు దగ్గర నిలబడి రెండు నిమిషాల్లో తేల్చే విషయం కాదు కాబట్టి, సంచిక బాధ్యులు ఇచ్చిన ఈ కాస్త చోటులో నా అభిప్రాయం రాస్తున్నాను. అందరికీ నచ్చుతుందన్న భ్రమ నాకు లేదు.

బడికి వెళ్ళే పిల్లలున్న ఇంటికి భారీ యంత్రం అక్కరలేదు. టిఫిన్ డబ్బా అంత ఉండే చవకైన డెస్క్‌టాప్ పెట్టె ఒకటి, ఒక తెర, ఒక మంచి కీబోర్డు, అవి పెట్టుకోవడానికి హాల్లో ఒక బల్ల ఉంటే చాలు. ఆ కీబోర్డు మీద మన అక్షరాలు ఉండాలి. ఈ చివరి మాట కోసమే ఇంత వ్యాసం రాస్తున్నాను గానీ, ముందు పెట్టె సంగతి చూద్దాం.

ఇంట్లో కంప్యూటర్‌తో మనం నిజంగా చేసే పనులేమిటి? బడివాళ్ళు పంపిన హోంవర్కు తెరిచి చూడటం, ప్రాజెక్టుకు బొమ్మలు అతికించి ప్రింటు తీయడం, ఊళ్ళో బ్యాంకు ఖాతా చూసుకోవడం, పాస్‌పోర్టు, వీసా కాగితాలు నింపడం, పండక్కి టిక్కెట్లు వెతకడం, అమ్మమ్మతో మాట్లాడటం, రాత్రి పాత సినిమా. వీటిలో ఏ ఒక్కదానికీ ఐ-సెవెన్ చెమటోడ్చనక్కరలేదు. ఆటల కోసమే కావాలంటే అది వేరే బేరం. దానికి చదువు పేరు పెట్టకుండా ఆటల కోసమే అని చెప్పి కొనండి, నాకేమీ అభ్యంతరం లేదు.

మా తరంవాళ్ళకు కంప్యూటర్ అంటే పెద్దదిగానే ఉండాలన్న భావన ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు. నేను ఇంజనీరింగు చదివే రోజుల్లో, అంటే 2000 ప్రాంతంలో, సికింద్రాబాదు పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్ళి, కొట్టు కొట్టుకూ ధరలు అడిగి కాగితం మీద రాసుకుని, బోర్డు ఒకచోట, మానిటర్ ఇంకోచోట కొని, అన్నీ ఆటోలో వేసుకుని తెచ్చుకునేవాళ్ళం. ముప్ఫై వేల పైమాటే. ఇంట్లో పెద్దవాళ్ళకు అది కొన్ని నెలల జీతం. అంత పోసి కొన్నది కనుక ముందు గదిలో, గుడ్డ కప్పి, దేవుడి పటంలా చూసుకునేవాళ్ళం. చుట్టాలొస్తే చూపించేవాళ్ళం కూడా!

చవక కంప్యూటర్ కల మనవాళ్ళూ చాలాకాలం కన్నారు. 2005లో హెచ్.సి.ఎల్. కంపెనీ పదివేల లోపు ధరకు, 9,990 రూపాయలకు, లినక్స్‌తో డెస్క్‌టాప్ తెచ్చింది. 2011 అక్టోబరు 5న కేంద్ర ప్రభుత్వం 'ఆకాశ్' టాబ్లెట్‌ను విడుదల చేసింది. ప్రభుత్వానికి పడ్డ ధర 2,276 రూపాయలు. ప్రపంచంలోకెల్లా చవకైనదని పత్రికలు హోరెత్తించాయి. కానీ అందులో ఉన్నది 256 ఎం.బి. మెమరీ, వేలితో గట్టిగా నొక్కితే తప్ప పలకని ఏడంగుళాల తెర. పేదవాడి పిల్లాడికి ఈమాత్రం చాలులే అన్న ఆలోచనే ఆ వస్తువును ముంచిందని నా అభిప్రాయం. పిల్లాడు నొక్కినప్పుడు అది వెంటనే పలకాలి. పది సెకన్లు ఆగితే వాడు లేచి వెళ్ళి అమ్మ ఫోను తీసుకుంటాడు. తక్కువ ధర అందరికీ కావాలి, తక్కువరకం ఎవరికీ అక్కరలేదు.

సరిగ్గా ఆలోచించినవాళ్ళు ఇంగ్లండులో ఉన్నారు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో ఎబెన్ అప్టన్, ఆయన సహచరులు ఒక విషయం గమనించారు. కంప్యూటర్ సైన్స్‌లో చేరడానికి వచ్చే విద్యార్థులు ఏటేటా తగ్గుతున్నారు, వచ్చినవాళ్ళకు కూడా వెనకటివాళ్ళలా ప్రోగ్రాములు రాసిన అనుభవం ఉండటం లేదు. 1980లలో ఇళ్ళలో బి.బి.సి. మైక్రో లాంటి కంప్యూటర్లు ఉండేవి, ఆన్ చేస్తే చాలు ఏదో ఒకటి రాయమన్నట్టు ఎదురుచూసేవి. తర్వాత వచ్చినవన్నీ చూడటానికి, ఆడటానికే. ఆ లోటు తీర్చాలని 2012 ఫిబ్రవరి 29న 'రాస్ప్‌బెర్రీ పై' తెచ్చారు, 35 డాలర్లకు. మన రియాళ్ళలో పదమూడున్నర. 2020 నవంబరులో మొత్తం కంప్యూటర్‌ను కీబోర్డు లోపలే ఇమిడ్చి 'పై 400' తెచ్చారు, 70 డాలర్లు, అంటే ఇరవై ఏడు రియాళ్ళు. వెనకాల తీగ తగిలించి టీవీకి కలిపితే కంప్యూటర్ సిద్ధం. 2025లో మెమరీ చిప్‌ల ధరలు పెరిగి వీటి ధరలూ పెరిగాయి, అది వేరే సంగతి. నాకు నచ్చింది ధర కాదు. పిల్లవాడు చూసేవాడుగా మిగిలిపోకుండా రాసేవాడు కావాలని వాళ్ళు అనుకోవడం.

ఇక మన మస్కట్ సంగతి. ఇక్కడ మన జీవితాలకు చిన్న పెట్టె సరిపోయినట్టు ఇంకేదీ సరిపోదు. రువీలోనో దార్సైట్‌లోనో రెండు పడగ్గదుల ఫ్లాటు, ఇద్దరు పిల్లలకు ఒకే గది. వేసవిలో నలభై అయిదు డిగ్రీలు దాటే ఎండ, కిటికీ సందుల్లోంచి వచ్చే దుమ్ము. పెద్ద క్యాబినెట్ ఫ్యాను ఆ దుమ్మంతా పీల్చుకుని ఏడాది తిరక్కుండా విమానంలా మోత పెడుతుంది. చిన్న పెట్టెలు మామూలు పనికి పది, ఇరవై వాట్లు తింటే ఎక్కువ. మన సీలింగ్ ఫ్యాను డెబ్భై దాకా తింటుంది. అన్నిటికీ మించి, మనం ఎప్పటికీ ఇక్కడుండేవాళ్ళం కాము. కాంట్రాక్టు ముగిసిందంటే నెల తిరిగేలోగా సామాను సర్దుకోవాలి. అప్పుడు పెద్ద కంప్యూటర్ వచ్చిన ధరకు అమ్ముడుపోతుంది. కిలోన్నర లోపు బరువుండే చిన్న పెట్టె మాత్రం సూట్‌కేసులో బట్టల మధ్య కూర్చుని మనతో ఊరికి వస్తుంది.

2020 మార్చిలో ఒమాన్‌లో బడులు మూసేసినప్పుడు ఎన్నో ఇళ్ళలో ఇదే కథ. ఉన్న ఒక్క లాప్‌టాప్ నాన్న ఆఫీసుది, పెద్దపాపకు టాబ్లెట్, చిన్నోడికి అమ్మ ఫోను. ఆరంగుళాల తెరలో టీచరు బోర్డు మీద రాసింది కనబడక ఆ పిల్లలు పడ్డ పాట్లు మనందరికీ తెలుసు. ఆఫీసు లాప్‌టాప్ ఇంటి కంప్యూటర్ కాదని అప్పుడు చాలామందికి తెలిసొచ్చింది, తరగతులు మళ్ళీ తెరవగానే చాలామంది మరిచిపోయారు కూడా.

"టాబ్లెట్ ఉంది కదా, మళ్ళీ ఇదెందుకు?" అని అడుగుతారు. అసలు విషయం ఇక్కడే ఉంది.

మీ చేతిలో ఉన్న ఈ సంచికనే తీసుకోండి. పిల్లల వ్యాసాలు, కథలు చాలావరకు ఎలా వచ్చాయో తెలుసా? గీతల కాగితం మీద పెన్సిలుతో రాసి, అమ్మగారు ఫోనుతో ఫొటో తీసి పంపారు. ముద్దొచ్చే చేతిరాత, అందులో సందేహం లేదు. వాటిని కూర్చుని టైపు చేసింది మాత్రం నలభై దాటిన మేము నలుగురం. అదే పిల్లలు ఇంగ్లీషులో అయితే పదిపేజీల ప్రాజెక్టు తామే టైపు చేసి, రంగులు వేసి, బడికి సమర్పిస్తారు. అంటే తెలుగు వాళ్ళకు నోటిలో ఉంది, నోటుపుస్తకంలో ఉంది, వాళ్ళు బతకబోయే యంత్రంలో మాత్రం లేదు. అక్కడ దాకా వెళ్ళని భాషలో వాళ్ళు పదిహేనేళ్ళు వచ్చాక ఏం రాస్తారు? వాట్సాప్‌లో తాతగారికి ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాస్తారు. ఆ రాతలో కలకూ కళకూ తేడా లేదు. పదం, పాదం ఒకటే. మనం ఏడాది పొడవునా నేర్పిన దీర్ఘాలూ, ళ-లలూ అక్కడ ఒక్క దెబ్బకు పోతాయి.

ఇక్కడ దుకాణంలో కీబోర్డు కొంటే ప్రతి మీట మీదా ఇంగ్లీషు అక్షరం పక్కన అరబ్బీ అక్షరం అచ్చువేసి ఉంటుంది. ఈ దేశం తన భాషను మీట మీద పెట్టుకుంది, అది వాళ్ళ విజ్ఞత. మన పిల్లలు అది చూస్తూ పెరుగుతున్నారు. రెండు భాషలు ఒకే మీట మీద ఇమడటం వాళ్ళకు వింత కాదు. మూడోది ఎక్కడుందని వాళ్ళు అడగకపోవడమే నాకు బాధ. నిజానికి అది లోపల ఉంది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ నాటినుంచి తెలుగు ఉంది, 2019 నుంచి విండోస్ 10లో ఇంగ్లీషు స్పెల్లింగు కొడితే తెలుగు వచ్చే పద్ధతి కూడా చేరింది. లినక్స్‌ను తెలుగులోకి తేవడానికి హైదరాబాదులో 'స్వేచ్ఛ' సంస్థ చాలా శ్రమపడింది. సెట్టింగుల్లోకి వెళ్ళి భాష చేర్చుకోవడమే మన పని, అయిదు నిమిషాలు పట్టదు.

ఏ పద్ధతి నేర్పాలన్న దానిమీద మా ఉపాధ్యాయుల్లోనే రెండు పక్షాలున్నాయి. ఇంగ్లీషు స్పెల్లింగు పద్ధతి సులువు, పిల్లలు వెంటనే పట్టుకుంటారు అనేది ఒక పక్షం. నేను ఇన్‌స్క్రిప్ట్ పక్షం. భారతీయ భాషలన్నిటికీ కలిపి తయారుచేసిన పద్ధతి అది. అచ్చులు, గుణింతపు గుర్తులు ఎడమచేతి వైపు, హల్లులు ఎక్కువగా కుడిచేతి వైపు. 'కె' మీట నొక్కితే తెలుగులో క వస్తుంది, హిందీకి మార్చుకుని అదే మీట నొక్కితే హిందీ క వస్తుంది. బడిలో హిందీ చదివే మన పిల్లలకు ఒక్కసారి నేర్చుకుంటే రెండు భాషలు దక్కినట్టే. ఇంకో గొప్పసంగతి పొల్లు. అది 'డి' మీట మీద ఉంటుంది. 'అక్క' అని రాయాలంటే అ, క, పొల్లు, మళ్ళీ క. ఒత్తు అంటే ఏమిటో ఇంతకంటే స్పష్టంగా నేను బోర్డు మీద ఎన్నడూ చెప్పలేకపోయాను. రెండో తరగతి పాప ఒకమ్మాయి క కింద క-ఒత్తు తనంతట తానే పుట్టడం చూసి "మళ్ళీ చేస్తా, మళ్ళీ చేస్తా" అని ఒక పేజీ నిండా అక్కలను నింపేసింది. ఇది గాజు తెర మీద కుదరదని కాదు. పది వేళ్ళకూ అక్షరాల చోటు అలవాటు కావాలంటే మీటలు కావాలి, మీటలున్న బల్ల కావాలి.

మైకు నొక్కి మాట్లాడితే ఫోనే తెలుగు రాస్తోంది కదా, ఇంకా ఈ టైపు ఎందుకని మొన్న ఒక నాన్నగారు అడిగారు. బాగానే రాస్తోంది. కానీ అది న రాయాల్సిన చోట ణ రాస్తే పట్టుకోగలిగేది రాయడం వచ్చినవాడే.

ఇప్పుడు కొనడం సంగతి, గబగబా. ఆఫీసులు మార్చేసిన చిన్న డెస్క్‌టాప్‌లు, డెల్, లెనోవో, హెచ్.పి. వాళ్ళవి, లీటరు పాల ప్యాకెట్టంత ఉండేవి, పాత సామాను బాగుచేసి అమ్మే దుకాణాల్లో దొరుకుతాయి. కొత్తదానికంటే నేను అవే ఇష్టపడతాను. ఇంటెల్ ఎనిమిదో తరం లేదా తర్వాతిది అయి ఉండాలి, అంతకుముందువి విండోస్ 11కు పనికిరావు. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. ఎనిమిది జీబీ మెమరీ, ఎస్.ఎస్.డి. ఉంటే చాలు. ఒకవేళ ఎవరైనా పాత తరానిది ఊరికే ఇస్తే వద్దనకండి, లినక్స్ వేస్తే మన పనులకు హాయిగా నడుస్తుంది. కొనేముందు మూడు చూసుకోండి. కరెంటు అడాప్టర్ దానితో ఇస్తున్నారా, వై-ఫై ఉందా (ఆఫీసువాటిలో చాలావాటికి ఉండదు, విడిగా చిన్న ముక్క గుచ్చుకోవాలి), కెమెరా, మైకు విడిగా కొనుక్కోవాలని గుర్తుందా. కొత్తది కావాలంటే 2023లో వచ్చిన ఇంటెల్ ఎన్-100 చిప్ ఉన్న చిన్న పెట్టెలు చాలు. టీవీకి తగిలించడం సినిమాకు బాగుంటుంది గానీ, సోఫాలో కూర్చుని ఎవరూ వ్యాసం రాయరు. ఒక మామూలు మానిటర్ కొనండి.

పెట్టె ఎవరి పడగ్గదిలోనూ పెట్టకండి. హాల్లో పెట్టి, ఇంట్లో నలుగురికీ నాలుగు పేర్లతో ఖాతాలు తెరవండి, అమ్మకు కూడా. ఆవిడకు ఫోనుంది కదా అనకండి. ఇంట్లో తెలుగు బాగా రాయగలిగినది చాలాసార్లు ఆవిడే.

తెలుగు అక్షరాల స్టిక్కర్ల పేజీ ఒకటి ఇన్‌స్క్రిప్ట్ క్రమంలో తయారుచేసి పెట్టాను. అంటించుకునే కాగితం మీద ప్రింటు తీసి కత్తిరించుకుంటే సరిపోతుంది, అరబ్బీ అక్షరం కనబడేలా మూలన అంటించండి. కావలసినవాళ్ళు శుక్రవారం తరగతి దగ్గర నన్ను అడగండి. వచ్చే ఏడాది సంచికకు పిల్లలు స్వయంగా టైపు చేసి పంపే వ్యాసాలకు ముందు పేజీలు ఇద్దామని మేము అనుకుంటున్నాం. తప్పులుంటే ఫర్వాలేదు, ఎవరి వ్యాసం వాళ్ళతోనే కూర్చుని దిద్దుతాం.